అంకెలు చదవడం కూడా కళేనా అన్నవారికి

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో విదేశీ గ్యాలరీల వింతల మీద వచ్చిన వ్యాసం చదివాను. గోడకు టేపుతో అతికించిన అరటిపండు మీద జోకులు బానే ఉన్నాయి, నేనూ నవ్వాను. కానీ అదే ఊపులో "ఇద్దరు కూర్చుని పొద్దస్తమానం సంవత్సరాల అంకెలు చదువుతుంటే జనం నోరు తెరుచుకుని వింటారట, తిన్నది అరక్క" అని ఒక్క వాక్యంలో కొట్టిపారేశారు చూడండి, అక్కడ నాకు కాలింది. ఎందుకంటే ఆ విన్నవాళ్లలో నేనొకదాన్ని. చదివిన ఇద్దరిలో ఒకరు మా అమ్మాయి.

ముప్పై ఏళ్లు జిల్లా పరిషత్ హైస్కూళ్లలో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. కళల సంగతి నాకు తెలిసింది తక్కువ. 2015లో అమ్మాయి దగ్గరికి న్యూజెర్సీ వెళ్లాను. మార్చి నెల, రోడ్ల పక్కన మంచు ఇంకా కుప్పలుగానే ఉంది. ఒక ఆదివారం పొద్దున "అమ్మా, మ్యూజియంలో అంకెలు చదవడానికి పేరిచ్చాను, వస్తావా" అంది. డబ్బులిస్తారా అంటే ఇవ్వరంది. అంకెలు చదవడానికి న్యూయార్క్ దాకా రైలెక్కి పోవడమేమిటే అని నేనూ మీ వ్యాసకర్తలాగే అన్నాను. అన్నాను గానీ ఇంట్లో ఒక్కదాన్నీ కూర్చుని చేసేదేముంది, వెళ్లాను.

ఆ మ్యూజియం గుగ్గెన్‌హైమ్. లోపల నత్తగుల్లలాగా చుట్టూ తిరుగుతూ పైకి పోయే వాలుదారి, నడుమ పైకప్పు దాకా ఖాళీ. అప్పుడక్కడ ఆన్ కవారా అనే జపాన్ కళాకారుడి ప్రదర్శన నడుస్తోంది, దాని పేరే 'మౌనం'. ఆయన అంతకు ముందు ఏడాదే పోయారు. 1966 జనవరి 4న మొదలుపెట్టి దశాబ్దాలపాటు ఆయన వేసిన పెయింటింగుల్లో ఒకే రంగు మీద ఆ రోజు తేదీ తప్ప ఇంకేమీ ఉండదు. ఆ తేదీ బొమ్మ ఆ రోజు అర్ధరాత్రిలోపు పూర్తికాకపోతే దాన్ని ఉంచేవాడు కాదు. ఇంటర్వ్యూలకు దూరం, ఫొటోలకు దూరం. ఆయన్ని పరిచయం చేసేచోట పుట్టిన తేదీ బదులు బతికిన రోజుల లెక్క వేస్తారు, 29,771 అని. లెక్కల టీచరుకి ఇంతకంటే నచ్చే మనిషి ఎవరుంటారు చెప్పండి. నావెన్నయ్యాయో అక్కడే నిలబడి లెక్కేసుకున్నాను, అప్పటికి 22 వేలు దాటాయి.

మీ వ్యాసంలో "సంవత్సరాల అంకెలు" అని ఊరుకున్నారు గానీ అవి ఏ సంవత్సరాలో చెప్పలేదు. అవి ఈ కవారా తయారుచేసిన ఒక పుస్తకంలోవి, దాని పేరు 'పది లక్షల సంవత్సరాలు'. మొదటి భాగం గతం. క్రీస్తుపూర్వం 9,98,031 నుంచి క్రీస్తుశకం 1969 దాకా ఒక్కో సంవత్సరాన్నీ వదలకుండా టైపు చేసి పెట్టాడు. ఆ రెండు అంకెలూ కూడి చూడండి, సరిగ్గా పది లక్షలు వస్తుంది. సున్నా సంవత్సరం అంటూ లేదు కాబట్టి ఒక్కటి కూడా తేడా రాదు, నేను రెండుసార్లు చూశాను. పేజీకి 500 సంవత్సరాలు, సంపుటానికి 200 పేజీలు, మొత్తం పది సంపుటాలు. బతికి చనిపోయిన వాళ్లందరికీ అని అంకితం. రెండో భాగం రాబోయే పది లక్షల ఏళ్లు, అది చిట్టచివరి వారికి అంకితం. నాకిప్పుడు 70 దాటింది, ఆ పుస్తకంలో నా బతుకంతా ఒక పేజీలో ఏడోవంతు, అంతే.

ఈ పుస్తకాన్ని ఒక ఆడగొంతు, ఒక మగగొంతు ఒకరి తర్వాత ఒకరు పైకి చదువుతారు. 1993లో న్యూయార్క్‌లోనే మొదలైంది ఈ చదవడం. 2002లో జర్మనీలోని కాసెల్‌లో వంద రోజులు సాగింది, 2004లో లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్‌లో గాజుగది కట్టి ఏడు రోజులు రాత్రీపగలూ చదివారు. ఒక ఊళ్లో ఆపినచోటి నుంచి ఇంకో ఊళ్లో ఎత్తుకుంటారు. అంకెకి ఐదు సెకన్లు వేసుకున్నా ఒక్క భాగమే నిద్రా తిండీ లేకుండా 58 రోజులు పడుతుంది. ఇంతవరకూ ఎవరూ పూర్తిగా వినలేదు, వినరు కూడా.

ఇక ఆ రోజు సంగతి. కింద నేలమట్టంలో ఒక బల్ల, రెండు కుర్చీలు. అమ్మాయి పక్కన ఎవరో పెద్దాయన, అంతకుముందు ముఖపరిచయం కూడా లేదు. జనం నోరు తెరుచుకుని విన్నారనేది అబద్ధం. చాలామంది కోట్లు చేతిమీద వేసుకుని ఒక నిమిషం నిలబడి, ఓహో అనుకుని పైకి వెళ్లిపోయారు. కొందరు మాత్రం గోడవార ఆగారు. ఒక చిన్నపిల్లాడు మా అమ్మాయి అన్న అంకెను తిరిగి అనబోయి, నాలుక మడతపడి వాళ్లమ్మ చీరంచు... కాదు, ఆవిడ కోటు పట్టుకుని నవ్వాడు. నాకు మొదటి పది నిమిషాలూ ఒకటే విసుగు. ఇంటికెళ్లాక చారు పెట్టాలా పప్పు ఉందా అని ఆలోచిస్తూ కూర్చున్నాను, అబద్ధం ఎందుకు ఆడాలి.

తర్వాత టీచరు బుద్ధి మేలుకుంది. తప్పు చదువుతారేమోనని చెవులు రిక్కించాను. వాళ్ల లెక్కలో లక్ష అనే మెట్టు లేదు కదా, వంద వేలు అనుకుంటూ పోయి ఏకంగా మిలియన్ ఎక్కేస్తారు, నేను ఒక్కో అంకెనూ మనసులో కామా జరిపి లక్షల్లోకి మార్చుకుంటున్నాను, ఆ మార్చుకునేలోపు అవతలాయన తర్వాతి సంవత్సరం చదివేస్తున్నాడు. తొమ్మిదులు వరసగా వచ్చినచోట మా అమ్మాయి తడబడింది. ఆయన తొందరపెట్టలేదు, దిద్దలేదు, ఆగాడు. ఇది మళ్లీ మొదట్నుంచి చదివింది, ఆయన తన వంతు అందుకున్నాడు. ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండానే ఒకరి ఊపిరి కోసం ఒకరు ఆగడం నేను ఇంకెక్కడ చూశానా అని ఆలోచిస్తే, మా ఊరి గుళ్లో భజన దగ్గర తట్టింది.

ఇంకొకటి. మా అమ్మాయి నాతో మాట్లాడేది ఫోన్లోనే, అదీ వీడియోలో, ఒక కన్ను ఇంకో తెర మీద పెట్టి. నాకేమీ చెప్పకుండా, నన్నేమీ అడగకుండా, వట్టి దాని గొంతును గంటసేపు విని ఎన్నేళ్లయిందో. చిన్నప్పుడు ముందుగదిలో ఎక్కాలు పైకి అప్పజెప్పుకుంటుంటే వంటింట్లోంచి వినేదాన్ని, అప్పుడే చివరిసారి. కామా దగ్గర కొంచెం ఆగి చదవడం నేను నేర్పిందే, ఇంగ్లిషులో కూడా అలాగే ఆగుతోంది. దీనికి కళ అని పేరు పెట్టాలో లేదో వ్యాసకర్తే తేల్చుకోనీండి, నాకు పట్టింపు లేదు. తిన్నది అరక్క కాదని మాత్రం గట్టిగా చెప్పగలను, ఆ రోజు మేం తిన్నది చద్ది ఇడ్లీ.

పైగా ఇది మనకు కొత్తేం కాదండీ. మన ఇళ్లలో ఏ వ్రతానికి కూర్చున్నా పంతులుగారు ముందు చేయించే సంకల్పం ఏమిటి? శ్వేతవరాహకల్పే, వైవస్వతమన్వంతరే, కలియుగే, ప్రథమపాదే అంటూ బ్రహ్మగారి లెక్కలోంచి మొదలుపెట్టి ఆ ఏడు, ఆ నెల, ఆ తిథి, ఆ వారం దాకా దిగి, శ్రీశైలానికి ఏ దిక్కున కూర్చున్నామో కూడా చెప్పి, అప్పుడు మన పేరు. అంత కాలంలో నువ్విక్కడున్నావు అని పైకి చదివి వినిపించడమే కదా అది. (న్యూజెర్సీ గుళ్లో జంబూద్వీపం తీసేసి క్రౌంచద్వీపం అంటున్నారు, విని ముచ్చటేసింది.) కలియుగం 4,32,000 ఏళ్లంటారు, కవారా పుస్తకంలో అయితే నాలుగు సంపుటాలు నిండి ఐదోదాంట్లో 64 పేజీలు. ఉగాదినాడు పంచాంగశ్రవణం అని ఊరంతా కూర్చుని వినేదాన్ని తిన్నది అరక్క అని ఎవరైనా అంటే మీరు వేస్తారా?

అదే మ్యూజియంలో అంతకు ఐదేళ్ల ముందు, 2010లో, టీనో సెహగల్ అనే ఆయన ఆ వాలుదారి గోడల మీద ఒక్క బొమ్మ కూడా లేకుండా చేశాడట. తండ్రి వైపు మనదేశం మూలాలున్నవాడు. లోపలికి వచ్చినవారిని ఒక చిన్నపిల్లో పిల్లాడో పలకరించి, ప్రగతి అంటే ఏమిటి అని అడిగేవారు. జవాబు చెబుతూ వాలు ఎక్కుతుంటే కొంత దూరంలో ఒక కుర్రాడు అందుకునేవాడు, ఇంకొంత పైన నడివయసువాళ్లు, చివర పెద్దవాళ్లు. మాట్లాడుకుంటూ నడవడమే, అంతే ప్రదర్శన. ఫొటోలు తీయనివ్వడు, తన పనిని అమ్మినా కాగితం ఉండదు, అంతా నోటిమాట మీదే. ఇది నేను చూళ్లేదు, అమ్మాయి చెప్పింది. మన వీధి అరుగుల మీద రోజూ జరిగేదే కదే అంటే, ఆ అరుగులు ఇప్పుడెక్కడున్నాయమ్మా అంది.

నా అసలు బాధ వ్యాసకర్తతో కాదు, మన దగ్గర గ్యాలరీ అంటే ఏమైపోయిందో దానితో. ఊరు పేరు ఎందుకులెండి, మొన్న ఒకచోట ఓ కుర్రాడి చిత్రాల ప్రదర్శనకు పిలిస్తే వెళ్లాను. రిబ్బను, దీపం, శాలువాలు, తర్వాత ఏడుగురి ఉపన్యాసాలు, స్పీకర్ బాక్సు సరిగ్గా ఒక బొమ్మకు ఆనించి పెట్టారు. గంటన్నర అయ్యాక జనమంతా సమోసాల వైపు కదిలారు, బొమ్మల వైపు తిరిగింది నేనూ ఆ అబ్బాయి తల్లీ. మనవాళ్లకు నిశ్శబ్దంగా ఉండడం రాదు అని సరిపెట్టుకుందామంటే అదీ నిజం కాదు. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో సంగీత గడియారం దగ్గర గంట కొట్టే వేళకు చూడండి. పిల్లాజెల్లా అంతా బెంచీల మీద సర్దుకుని, లోపల్నుంచి ఆ బుల్లి మనిషి వచ్చి గంట కొట్టేదాకా కళ్లార్పకుండా కూర్చుంటారు, పన్నెండింటికైతే చోటే దొరకదు. చెవికి పని చెప్పేది ఒకటి పెడితే మన జనం వింటారు. పెట్టేవాళ్లు కావాలి.

అందుకని ఒకటి అడుగుతాను. శ్రీశైలం జలాశయం కింద కర్నూలు, మహబూబ్‌నగర్ వైపు వంద దాకా ఊళ్లు మునిగాయి. 1981 ప్రాంతంలో ఇళ్లు కూల్చి మరీ ఖాళీ చేయించారు. వాటిలో మా అమ్మ పుట్టిన ఊరు ఒకటి. ఎండాకాలం నీళ్లు తీసినప్పుడు సంగమేశ్వరం గుడి బయటపడితే టీవీలవాళ్లు వస్తారు, ఊళ్ల కోసం ఎవరూ రారు. ఏదైనా గ్యాలరీవారు ఒక గంట ఒక గదిస్తే ఆ ఊళ్ల పేర్లు ఇద్దరం కూర్చుని పైకి చదువుతాం, ఒకటి నేను, ఒకటి ఇంకెవరైనా, ఆ ఊళ్లవాళ్లయితే మరీ మంచిది. పేరుకీ పేరుకీ మధ్య పది సెకన్లు ఆగినా పావుగంట దాటి రెండు మూడు నిమిషాలు. అయిపోయాక మళ్లీ మొదట్నుంచి చదువుతాం. వచ్చేవాళ్లు వస్తారు, పోయేవాళ్లు పోతారు, తమ ఊరు వినబడ్డవాళ్లు కాసేపు కూర్చుంటారు. కథ చెప్పం, పద్యం పాడం, ఎవరినీ తిట్టం, కన్నీళ్లు పెట్టించే సంగీతం అసలే వద్దు. మా అమ్మ ఉన్నన్నాళ్లూ ఆ చుట్టుపక్కల ఊళ్ల పేర్లు ఇటునుంచి అటు, అటునుంచి ఇటు చెప్పేది, సంతకు వెళ్లే దారి వరసలో. మ్యాపులో చూస్తే ఇప్పుడదంతా నీలం రంగు.

పేర్ల జాబితా నా నోటుపుస్తకంలో సగం ఉంది, మిగతా సగం మీ పాఠకుల దగ్గర ఉండే ఉంటుంది, తెలిసినవాళ్లు మీకు రాస్తే నాకు పంపండి. వరస తప్పినా పర్వాలేదు, నేను సరిచేసుకుంటాను.

గది దొరికితే కబురు చేయండి. బల్ల, రెండు కుర్చీలు, మంచినీళ్లు చాలు. శాలువా తేకండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ లెక్కల టీచరు,
కర్నూలు