కాకిబంగారం తవ్విన ఊళ్లు – నవంబరు నెల వార్తాలేఖ

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

పోయిన వారం పదో తరగతిలో కరెంటు పాఠం చెబుతున్నాను. ఇస్త్రీపెట్టెలో వేడెక్కే తీగను మైకా రేకుకు చుడతారని, కరెంటు పైకి పాకకుండా ఆపేది ఆ రేకేనని చెప్పి, "మైకా ఎవరైనా చూశారా?" అని అడిగాను. ఎవరూ పలకలేదు. "కాకిబంగారం?" అన్నాను. క్లాసంతా చేతులెత్తింది. బడికి వచ్చే దారిలో ఎండకు తళతళలాడే ఆ పెళ్లలే మైకా అని పిల్లలకు తెలియదు. వాళ్ల తాతలు, అవ్వలు దాని మీదే బతికారని అసలే తెలియదు. నాకు చాలా బాధ వేసింది. అందుకే ఈ నెల మార్కుల సంగతి పక్కన పెట్టి ఇది రాస్తున్నాను.

గూడూరు, సైదాపురం, రాపూరు ప్రాంతంలో మైకా తవ్వకం 19వ శతాబ్దం చివర్లోనే మొదలైంది. లేత ఆకుపచ్చ ఛాయ ఉన్న నెల్లూరు మైకాకు విదేశాల్లో మంచి పేరుండేది. వాల్వులనే గాజు గొట్టాలతో పనిచేసే పాతకాలం రేడియోలకు, మోటార్లకు అదే కావాలి. రెండో ప్రపంచ యుద్ధంలో గిరాకీ ఇంకా పెరిగింది. 1946లో మైకా గని కార్మికుల సంక్షేమానికి చట్టం వచ్చింది. ఎగుమతుల మీద సుంకం వేసి, ఆ డబ్బు కార్మికుల వైద్యానికి, పిల్లల చదువుకు ఖర్చుపెట్టాలన్నది దాని ఉద్దేశం. కలిచేడులో ఆసుపత్రి అలా వచ్చిందే. ఆ ఆసుపత్రి ఎవరి చెమటతో లేచిందో పిల్లలకు తెలియాలి.

తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకరి అవ్వ మొన్న బడికి వచ్చారు. పెళ్లి కాకముందు నుంచే మైకా రేకులు చీల్చే షెడ్డులో పనిచేశారట. అరచేతి మందాన ఉన్న మైకా పెళ్ల ఇచ్చాను. దాన్ని ఒకసారి వెలుతురుకు పట్టి చూసి, అంచులో కత్తిమొన దూర్చి, బొటనవేలితో మెల్లగా తోశారు. తమలపాకుల దొంతిలోంచి ఒక ఆకు తీసినట్టు రేకు ఊడి వచ్చింది. మళ్లీ దాన్నే రెండుగా చీల్చారు. చివరి రేకు ఊపిరికి ఎగిరేంత పలచగా ఉంది. "మచ్చ ఉంటే రేటు పడిపోతుందమ్మా, మచ్చ వదిలేసి కత్తెరతో అంచు తీయాల" అన్నారు. ఆమె చూపుడువేలి మీద అడ్డంగా పాత గాటు ఇంకా ఉంది. ఆమె బడి మొహం చూడలేదు. మా పిల్లలెవరికీ రాని పని మాత్రం ఆ వేళ్లకు తెలుసు.

మగవాళ్లది గుంతలో పని. రాయి తొలిచే దుమ్ము పీల్చి, దగ్గుతూ దగ్గుతూనే పోయిన వాళ్ల గురించి మీ ఇళ్లలో చెప్పుకుంటూనే ఉంటారు. దాన్ని పిల్లల దగ్గర దాచకండి.

తర్వాత వాల్వుల స్థానంలో ట్రాన్సిస్టర్లు వచ్చాయి, మైకాకు బదులు వేరే పదార్థాలు వచ్చాయి. మన మైకా ఎక్కువగా కొనే సోవియట్ యూనియన్ 1991లో విడిపోయింది. గనులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. గుంతలు మాత్రం మిగిలాయి.

ఆ గుంతల గురించే నాకు టెన్షన్. తుఫాను వానలకు అవి నిండిపోయి ఉన్నాయి. పైకి చెరువులా కనిపిస్తాయి కానీ గట్టు నిటారుగా ఉంటుంది, కాలు జారితే పట్టుకోడానికి ఏమీ ఉండదు. సెలవు రోజున ఈతకని, చేపలకని పిల్లలు అటు వెళ్లకుండా చూసుకోండి. పశువులు తోలుకెళ్లే పిల్లలకు ప్రత్యేకంగా చెప్పండి.

14వ తేదీ బాలల దినోత్సవం రోజు ఉదయం 10 గంటలకు, గనుల్లో, షెడ్డుల్లో పనిచేసిన పెద్దవాళ్లను బడికి తీసుకురండి. పిల్లలు వాళ్ల మాటలు నోటుబుక్కుల్లో రాసుకుంటారు. నడవలేని వాళ్లుంటే కబురు చేయండి, మా టీచరు ఒకరు పిల్లల్ని తీసుకుని మీ ఇంటికే వస్తారు. పాత కత్తెర, జీతం చీటీ, ఫొటో ఏదున్నా పంపండి, జాగ్రత్తగా చూసి అదే రోజు సాయంత్రం తిరిగి ఇచ్చేస్తాం.

మీ
ప్రధానోపాధ్యాయురాలు