మా నాన్న కుడి పక్కన నిలబడిన తమ్ముడికి

నిన్నటితో నాన్న పెద్దకర్మ అయిపోయింది. చుట్టాలందరూ వెళ్ళిపోయారు. ఒళ్ళు అలిసిపోయింది కానీ నిద్ర మాత్రం పట్టట్లేదు. రేపటికి వాయిదా వేస్తే పనుల్లో పడి రాయలేనేమోనని ఇప్పుడే రాస్తున్నాను. వచ్చినవాళ్ళకి, ఫోన్ చేసినవాళ్ళకి, దూరం నుంచి మెసేజ్ పెట్టినవాళ్ళకి పేరుపేరునా నమస్కారం. చాలామందికి తిరిగి జవాబు ఇవ్వలేకపోయాను. దయచేసి ఏమీ అనుకోకండి.

నాన్న 1977లో ఆర్మీలో చేరారు. గోల్కొండ ఆర్టిలరీ సెంటర్‌లో ట్రైనింగ్ అయ్యాక 24 ఏళ్ళు ఫిరంగి దళంలోనే పనిచేసి, హవల్దారుగా రిటైరై ఇంటికొచ్చారు. మా జిల్లాలో మాధవరం అంటే అందరికీ తెలుసు, ఇంటింటికీ సైనికుడున్న ఊరు. మాది అలాంటి ఊరు కాదు. మా వీధి నుంచి మిలటరీకి వెళ్ళింది నాన్న ఒక్కరే. 1999లో కార్గిల్ యుద్ధమప్పుడు ఆయన ద్రాస్ దగ్గర బోఫోర్స్ గన్ను మీద ఉన్నారు. జూలై 4న టైగర్ హిల్ మన చేతికి వచ్చిందని ఊళ్ళో అందరూ టీవీ ముందు చప్పట్లు కొడుతుంటే, అమ్మ మాత్రం ఉత్తరం ఎప్పుడొస్తుందా అని పోస్ట్‌మ్యాన్ కోసం చూస్తూ కూర్చుంది. అది నాకు బాగా గుర్తు.

చెవుల్లో దూది కుక్కుకుని ఫిరంగి గుండ్లు పేల్చేవాళ్ళమని నాన్న చెప్పేవారు. ఎడమ చెవి అక్కడే పోయింది. కుడి చెవికి మిషన్ పెట్టుకుంటే మామూలుగానే మాట్లాడేవారు. మిషన్ లేకపోతే కుడి పక్కన నిలబడి, చెవి దగ్గరగా, కాస్త గట్టిగా చెప్పాలి. అంతే.

ఈ సంగతి హైస్కూల్ గ్రౌండులో వాలీబాల్ ఆడే ప్రతి పిల్లాడికీ తెలుసు. రిటైరై వచ్చిన ఏడాదే నాన్న అక్కడ రెండు స్తంభాలు పాతించారు. ఒక వెదురు కర్ర మీద రెండు గీతలు పెట్టుకున్నారు. మగపిల్లలకి 2.43 మీటర్లు, ఆడపిల్లలకి 2.24. రోజూ ఆ కర్రతో కొలిచాకే నెట్టు కట్టేవారు. నెట్టు వదులుగా ఉంటే ఆట మొదలుపెట్టనిచ్చేవారు కాదు. ఆడపిల్లలు గ్రౌండుకి రావడానికి మొహమాటపడితే, వాళ్ళ ఇళ్ళకి వెళ్ళి, అమ్మానాన్నలతో మాట్లాడి, సాయంత్రం తిరిగి ఇంటి దగ్గర దింపే పూచీ కూడా తనే తీసుకునేవారు. ఆర్మీ ర్యాలీకి వెళ్ళే కుర్రాళ్ళని తెల్లవారుజామునే లేపి 1600 మీటర్లు పరిగెత్తించేవారు. ఐదున్నర నిమిషాలు దాటితే స్టాప్‌వాచ్ చూపించేవారు, మాట అనేవారు కాదు. ఏదైనా అడగాలంటే పిల్లలు చుట్టూ తిరిగి వచ్చి ఆయన కుడి పక్కన నిలబడేవాళ్ళు. ఎవరూ నేర్పకుండానే చిన్నపిల్లలు పెద్దవాళ్ళని చూసి నేర్చుకున్నారు.

ఆసుపత్రికి మాత్రం ఇది చెప్పి చెప్పి అలిసిపోయాం.

న్యుమోనియా ఎక్కువై నాన్నకి ఊపిరి ఆడకపోతే ముందు ఒక ఆసుపత్రికి తీసుకెళ్ళాం. మాజీ సైనికుల కార్డు చూడగానే 'ఈ కార్డు మీద బెడ్లు ఖాళీ లేవు, డబ్బు కడితే చూద్దాం' అన్నారు. ఆయాసపడుతున్న మనిషిని స్ట్రెచర్ మీద ఉంచి అన్న మాట అది. అక్కడి నుంచి ఇంకో ఆసుపత్రికి మార్చాం. అక్కడ బెడ్ దొరికింది కానీ, ఐసీయూలోకి తీసుకెళ్ళేటప్పుడు ఉంగరం, వాచీతో పాటు చెవి మిషన్ కూడా తీసి, కవర్లో వేసి మా చేతికి ఇచ్చేశారు. లోపలికి పంపించండి, అది లేకపోతే ఆయనకి వినపడదు అని బతిమాలాం. రూల్స్ ఒప్పుకోవన్నారు. మర్నాడు డాక్టరుగారు బయటికి వచ్చి 'పేషెంటు స్పందించట్లేదు, కన్‌ఫ్యూజన్‌లో ఉన్నారు' అన్నారు. ఆయనకి వినపడట్లేదండీ అంటే, రాసుకుంటాం అని వెళ్ళిపోయారు. కళ్ళజోడు తీసేసి, చదవలేకపోతున్నాడు అంటే ఎలా ఉంటుంది? దీని మీద నా కోపం ఇంకా తగ్గలేదు. వినికిడి లేని పెద్దవాళ్ళు ఇంకెంతమంది ఆ మంచాల మీద 'స్పందన లేదు' అని రాయించుకుంటున్నారో.

ఇక ఆ తమ్ముడి గురించి.

అతను ఐసీయూలో రాత్రి డ్యూటీ వార్డు బాయ్. పాతికేళ్ళు కూడా ఉండవు. పేరు రాస్తే ఉద్యోగానికి ఇబ్బంది అవుతుందేమోనని రాయట్లేదు. అర్ధరాత్రి దాటాక బయటికి వచ్చి, మా దగ్గర నిలబడి, 'అక్కా, తాతగారికి ఒక చెవి వినపడుతుందా? ఇటు తిరిగి చెప్తే పలకట్లేదు, అటు వెళ్ళి దుప్పటి సర్దుతూ మాట్లాడితే తల ఊపారు' అని అడిగాడు.

నాకు నోట మాట రాలేదు. అన్ని రోజులూ గట్టిగానే ఉన్నదాన్ని, అక్కడే కుర్చీలో కూలబడి ఏడ్చేశాను. అతను కంగారుపడి మంచినీళ్ళు తెచ్చాడు.

ఆ రాత్రే ఒక అట్టముక్క మీద 'కుడి చెవి దగ్గర మాట్లాడండి' అని పెద్ద అక్షరాలతో రాసి మంచానికి కట్టాడు. దానికి ఎవరో చీవాట్లు కూడా పెట్టారట. అయినా తీయలేదు. ఎవరిని అడిగి ఒప్పించాడో తెలియదు, చెవి మిషన్ కూడా లోపలికి వెళ్ళింది. మరుసటి రోజు నాన్నకి గడ్డం గీశాడు. నాన్న రోజూ గడ్డం గీసుకోకుండా టీ కూడా తాగని మనిషి. నేను చేతులు జోడిస్తే, 'గడ్డం ఉంటే మాస్కు సరిగ్గా కూర్చోదక్కా, గాలి లీకవుతుంది' అన్నాడు, అదేదో డ్యూటీలో భాగమన్నట్టు. బ్లేడు పట్టుకోగానే నాన్న తనంతట తనే గడ్డం పైకెత్తారట.

మాస్కు తీసిన కాసేపట్లో నన్ను లోపలికి పంపించారు. కుడి పక్కకి వెళ్ళి, ఎలా ఉంది నాన్నా అన్నాను. ఆయన తన సంగతి చెప్పలేదు. 'ఆ కుర్రాడి ఎత్తు చూశావా? నెట్టు దగ్గర నిలబెడితే బ్లాక్ బాగా చేస్తాడు' అన్నారు. నాన్న నాతో స్పష్టంగా మాట్లాడిన ఆఖరి మాటలు అవే. ఆ మాటలు నాకు దక్కాయంటే అతని వల్లే. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. తమ్ముడూ, ఇది నీ కంట పడుతుందో లేదో. మా ఇంట్లో ఎప్పుడు ఏ శుభకార్యం జరిగినా నీకు పిలుపు వస్తుంది.

అన్నయ్య, వదిన, మా ఆయన, పిన్ని వాళ్ళు అంతా చూసుకున్నారు. వాళ్ళకి థాంక్స్ చెప్తే నన్నే తిడతారు.

అంత్యక్రియలకి మెడల్స్ పెట్టుకుని వచ్చి సెల్యూట్ చేసిన మాజీ సైనికుల సంఘం పెద్దలకి నమస్కారం. నాన్నని మోసిన వాలీబాల్ కుర్రాళ్ళకి ఏం చెప్పాలో తెలియట్లేదు. మోసేటప్పుడు కూడా పెద్దవాళ్ళెవరూ చెప్పకుండానే వరస కట్టారు.

మాలాంటి ఇళ్ళవాళ్ళకి ఒక్క మాట. ఇంట్లో రిటైరైన సైనికులుంటే, పెన్షన్ ఆర్డరులో భార్య పేరు, పుట్టిన తేదీ ఆధార్‌తో సరిపోయాయో లేదో ఇప్పుడే చూసుకోండి. అమ్మకి ఒకదాంట్లో ఇంటిపేరు ముందుంది, ఇంకోదాంట్లో వెనక ఉంది. దాని కోసం, కళ్ళు తుడుచుకోవడానికి కూడా టైమివ్వకుండా, ఆమెని ఒక ఆఫీసు చుట్టూ తిప్పుతున్నారు. కాగితాలన్నీ వరసగా పెట్టి, ఏది ఎక్కడ ఇవ్వాలో ఓపిగ్గా రాసిచ్చిన రిటైర్డ్ సుబేదారుగారికి ఎంతో రుణపడి ఉన్నాం.

అయ్యో, అంబులెన్స్ డ్రైవరుగారిని మర్చిపోయాను. మొదటి ఆసుపత్రి కాదన్నాక, మమ్మల్ని దింపేసి వెళ్ళిపోకుండా, రెండో చోట బెడ్ ఖరారయ్యేదాకా ఆక్సిజన్ చూసుకుంటూ ఉండిపోయారు. రాత్రిపూట మందుల షాపు తెరిచి ఇచ్చిన బాబాయిగారు, మా గేదెలకి గడ్డి వేసిన ఎదురింటి అత్తయ్యగారు, రక్తం ఇవ్వడానికి బస్సెక్కి వచ్చిన పాత బ్యాచ్ పిల్లలు, అందరికీ. ఇంకా ఎవరినైనా వదిలేస్తే నా మతిమరుపే కానీ మరోలా అనుకోకండి.

గ్రౌండు పిల్లలూ, నెట్టు, బంతులు, కొలత కర్ర మా వరండాలోనే ఉన్నాయి. అమ్మని అడిగి తీసుకెళ్ళండి.