ఇంటి మొక్కల సంఘం వార్షిక నివేదిక: ఈ ఏడాది ఏం చేశాం, ఏది మిగిలిపోయింది

సభ్యులందరికీ నమస్కారం.

సర్వసభ్య సమావేశానికి ముందు కార్యదర్శి నివేదిక ఇవ్వాలని నియమావళిలో ఉంది కాబట్టి రాస్తున్నా, లేకపోయినా రాసేదాన్నే, ఎవరు ఏ పని చేశారో ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి కదా. సంఘం దేనికి పెట్టుకున్నామో మీ అందరికీ తెలుసు, అది మళ్ళీ మొదట్నుంచీ చెప్పను. పోయినేడు మనం అనుకున్నది ఒకటే, కొత్తగా మొక్కలు పెట్టుకునేవాళ్ళకీ, నీళ్ళు పొయ్యడం మర్చిపోయేవాళ్ళకీ తట్టుకుని బతికే మొక్కలు పంచుదాం, వాటిని ఎలా చూసుకోవాలో చెబుదాం అని. ఆ పని అయింది. అనుకున్న దారిలో కాదు గానీ అయింది.

ముందుగా మన సంఘం హాల్లోని మొక్కల సంగతి చెప్పేస్తా, ఎలాగూ చాటున అందరూ అదే మాట్లాడుకుంటున్నారు. స్టాండ్ మీద పెట్టిన స్నేక్ ప్లాంట్లు, అవే కత్తుల్లా నిటారుగా లేచే ఆకుల మొక్కలు, పోయాయి, నిజమే. నీళ్ళు లేక కాదు, ఎక్కువై. నీళ్ళు పోసే వంతుకి ముగ్గురు వాలంటీర్లు పేర్లిచ్చారు, పోసినప్పుడల్లా పుస్తకంలో తేదీ వెయ్యమన్నాం, ఒక్కరూ వెయ్యలేదు, మిగతా ఇద్దరూ మర్చిపోయి ఉంటార్లే అని ముగ్గురూ ఎవరికి వాళ్ళు పోసుకుంటూ పోయారు. ఆకు మొదట్లో మెత్తబడి పసుపెక్కింది, పట్టుకుని లాగితే చేతిలోకి ఊడొచ్చింది, కుళ్ళు వాసన. అదే వారం హాల్ సర్దుతుంటే బీరువా పక్కన మూలలో నిగనిగలాడే ఆకులుండే ఒక జెడ్‌జెడ్ మొక్క దొరికింది, అది అక్కడ ఉందన్న సంగతే ఎవరికీ గుర్తులేదు, నెలల తరబడి దాని మొహం చూసినవాడు లేడు. దుమ్ము కొట్టుకుపోయి ఉంది, నాలుగు ఆకులు రాల్చింది, అంతే. తడిగుడ్డతో తుడిచి, కుండీ అడుగున కారేదాకా ఒక్కసారి నీళ్ళు పోసి వెలుతురులో పెట్టాం, కొన్నాళ్ళకి కొత్త కాడ పొడుచుకొచ్చింది. ఈ నివేదిక మొత్తంలో మీరు ఒక్క ముక్కే గుర్తుపెట్టుకుంటే ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

ఎందుకలా అని చాలామంది అడిగారు. జెడ్‌జెడ్ తూర్పు ఆఫ్రికా మొక్క, కెన్యా నుంచి కింద దక్షిణాఫ్రికా దాకా పెరుగుతుంది, వానలు లేని నెలలు దానికి మామూలే, మట్టి కింద గుండ్రటి దుంపల్లో నీళ్ళు దాచుకుంటుంది. స్నేక్ ప్లాంట్ పశ్చిమ ఆఫ్రికాది, దళసరి ఆకులోనే నీళ్ళు పెట్టుకుంటుంది, పైగా చాలా మొక్కల్లా పగలు కాకుండా రాత్రి చల్లబడ్డాక ఆకు రంధ్రాలు తెరుస్తుంది, దాంతో ఆవిరయ్యేది తక్కువ. ఇవి తిండీ తిప్పలూ దగ్గర పెట్టుకుని బతికే రకం, మనం రోజూ వెళ్ళి పలకరిస్తేనే వాటికి ఇబ్బంది. వేరుకి నీళ్ళు ఎంత అవసరమో గాలీ అంతే అవసరం, మట్టి గుల్లల్లో ఎప్పుడూ నీళ్ళే నిండి ఉంటే వేరుకి ఊపిరాడదు, వేరుకుళ్ళు పట్టుకుంటుంది.

ఇక ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవాల్సింది జబ్బు మొక్కల శిబిరం. దాని గురించి కాస్త ఎక్కువే రాస్తా, ఏమనుకోవద్దు. బాగున్న మొక్కల ప్రదర్శన అందరూ పెడతారు, మనం మాత్రం బాగాలేని మొక్కలు తెండి అన్నాం. మొదట్లో ఎవరూ రారేమో అనుకున్నా, తీరా చూస్తే బల్లలు చాల్లేదు, కింద పేపర్లు పరిచి కూర్చున్నాం. పద్ధతి ఏంటంటే వచ్చిన ప్రతి మొక్కనీ సొంతదారు ఎదురుగానే కుండీలోంచి బయటికి తీసి వేర్లు చూపించడం. ఒకాయన మనీ ప్లాంట్ తెచ్చారు, ఆకులన్నీ వాలిపోయి ఉన్నాయి, దాహంతో ఉందనుకుని రోజూ పోస్తున్నానండీ, అయినా లేవడం లేదు అన్నారు. తీసి చూస్తే వేర్లు నల్లగా, జిగురుగా ఉన్నాయి. కుళ్ళిన వేరు నీళ్ళు తాగలేదు, అందుకే నీళ్ళల్లో కూర్చుని కూడా ఆకు వాడిపోతుంది, అది చూసి మనం ఇంకో చెంబు పోస్తాం, పాపం ఎన్ని మొక్కలు ఇలా పోతాయో. పైన గట్టిగా ఉన్న తీగ కోసి కణుపు మునిగేలా నీళ్ళ సీసాలో పెట్టి ఆయనకే ఇచ్చాం. తర్వాత కనపడి వేర్లొచ్చాయని చెప్పారు, ఆ రోజు నాకు నిద్ర బాగా పట్టింది.

ఇంకొకావిడ స్పైడర్ ప్లాంట్, అదే సన్నటి పొడుగాటి ఆకులు గుబురుగా వచ్చే మొక్క, తెచ్చారు, ఆకు కొసలు గోధుమరంగులో ఎండిపోయి ఉన్నాయి. ఇది జబ్బు కాదు, కుళాయి నీళ్ళల్లో ఫ్లోరైడ్, ఉప్పులు ఎక్కువగా ఉంటే దీనికి ఇలా అవుతుంది, ఎరువు ఎక్కువైనా అంతే, వాన నీళ్ళు పట్టి పోస్తే కొత్త ఆకులు బాగా వస్తాయి, కొసలు కత్తెరతో కోసుకుంటే సరి. ఒక పిల్లాడి జేడ్ మొక్క (దళసరి గుండ్రటి ఆకులది) సన్నగా సాగి ఒక పక్కకి ఒరిగిపోయింది, వెలుతురు చాల్లేదంతే, కిటికీ దగ్గరికి మార్చమన్నాం, అదీ ఒక్కసారిగా మండుటెండలోకి కాదు, మెల్లమెల్లగా. పిండినల్లి పట్టిన మొక్కల్ని వేరే బల్ల మీద దూరంగా పెట్టి స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచాం. కుండీ చుట్టూ ముసిరే చిన్న నల్ల ఈగల గురించైతే లెక్కలేనంతమంది అడిగారు, అందరికీ ఒకటే జవాబు, వాటి పురుగులు ఉండేది తడి పైమట్టిలో, పైమట్టిని ఆరనివ్వండి. ఎదిగి ఎగిరే ఈగలకి పసుపు జిగురు అట్టలు పెట్టుకోవచ్చు గానీ మట్టి ఆరనిదే అవి పోవు.

బహుమతి మాత్రం ఒక సభ్యురాలికి ఇచ్చాం. ఆవిడ ఉద్యోగం మీద ఊళ్ళు తిరుగుతారు, నెలన్నర నుంచి నీళ్ళే పొయ్యలేదండీ, ఎంత పాడైందో చూడండి అని సిగ్గుపడుతూ స్నేక్ ప్లాంట్ తెచ్చారు. శిబిరం మొత్తానికి అంత ఆరోగ్యంగా ఉన్న మొక్క ఇంకోటి లేదు, పిలకలేసి కుండీ పక్కకి ఉబ్బింది. బహుమతిగా నీళ్ళ క్యాన్ ఇచ్చాం, ఇంటికెళ్ళాక ఆలోచిస్తే అది ఇవ్వాల్సిన వస్తువు కాదేమో అనిపించింది.

కటింగ్‌లు, అంటే నాటుకోడానికి కోసిన ముక్కలు, పంచడం కూడా బాగానే జరిగింది, ఫిర్యాదులు రెండొచ్చాయి. ఒకటి, మనీ ప్లాంట్ ఆకు నీళ్ళల్లో పెట్టినా తీగ రాలేదని. రాదండీ, కణుపు ఉండాలి, ఒట్టి ఆకుకి మహా అయితే వేరొస్తుంది గానీ చిగురు రాదు, ఆ రోజు కోసినవాళ్ళు కణుపు వదిలేసి కోశారు, తప్పు మనదే. రెండోది, పసుపు అంచున్న స్నేక్ ప్లాంట్ ఆకు ముక్క ఇస్తే పచ్చ మొక్క వచ్చిందని, మోసం చేశామన్నట్టు మాట్లాడారు. అది ఆ మొక్క గుణం, ఆకు ముక్క నుంచి వచ్చే పిలకకి పసుపు అంచు రాదు, అంచు కావాలంటే దుంపతో పాటు పిలకని విడదీసి నాటుకోవాల్సిందే. జెడ్‌జెడ్ ఆకులు తీసుకున్నవాళ్ళు దయచేసి తవ్వి చూడకండి, చిన్న దుంప కట్టడానికే నెలలు పడుతుంది.

నెలవారీ మీటింగుల్లో ఒకసారి మనీ ప్లాంట్ ఎందుకు పూయదు అన్న ప్రశ్న వచ్చింది. ఇది పసిఫిక్‌లో మోరియా దీవి మొక్క, దానంతట అది పూసినట్టు చివరిసారి నమోదైంది 1964లో. పూతకి కావాల్సిన జిబ్బరెల్లిన్ హార్మోన్ తయారుచేసే జన్యువు దీంట్లో సరిగ్గా పనిచెయ్యదని 2016లో తేల్చారు. అంటే ఇళ్ళల్లో కనిపించే మనీ ప్లాంట్లు దాదాపు అన్నీ ఒకరి నుంచి ఒకరు తీసుకున్న ముక్కలే. మనం చేస్తున్న పని అదే కదా అని అధ్యక్షులు గారు అన్నారు, ఆ రోజు చప్పట్లు పడ్డాయి.

పోస్టర్ గొడవ గురించి కూడా రాయాలి. మొక్కలు గదిలో గాలిని శుభ్రం చేస్తాయి అని ఒకరు పెద్దక్షరాలతో రాశారు, నేను తీయించాను, వాళ్ళకి కోపమొచ్చింది. 1989లో నాసా వాళ్ళు చేసిన ప్రయోగం మూసిన చిన్న పెట్టెల్లో చేసింది, మన ఇల్లు మూసిన పెట్టె కాదు. 2019లో పాత ప్రయోగాలన్నీ కలిపి లెక్కేస్తే, మామూలుగా భవనంలోకి వచ్చిపోయే గాలి చేసే పనిని మొక్కలు చెయ్యాలంటే ఒక్కో చదరపు మీటరు నేలకి 10 నుంచి 1000 మొక్కలు కావాలని తేలింది. అన్ని కుండీలు పెడితే మనం నిలబడేదెక్కడ? కిటికీ తెరిస్తే పోయేదానికి మొక్క మీద ఎందుకు భారం, కళ్ళకి బాగుంది చాలు.

నా తప్పు కూడా ఒప్పుకోవాలి. మొదటి కరపత్రంలో కుండీ అడుగున గులకరాళ్ళు వేస్తే నీళ్ళు బాగా దిగుతాయని రాసింది నేనే, చిన్నప్పట్నుంచి విన్నదే రాశాను. దిగవు. సన్నటి మట్టి కింద పెద్ద రాళ్ళు ఉంటే నీళ్ళు మట్టిలోనే ఆగుతాయి, పైగా తడి పొర వేర్లకి ఇంకా దగ్గరకొస్తుంది. ఒక సభ్యులు ఓపిగ్గా ఫోన్ చేసి చెప్పారు, వారికి థాంక్స్. చిల్లున్న కుండీ, గుల్లగా ఉండే మట్టి, కింద ప్లేటులో నిలిచిన నీళ్ళు పారబొయ్యడం, ఇంతే. నీళ్ళు ఎప్పుడు అంటే వారానికిన్నిసార్లు అని లెక్క పెట్టుకోకండి, వేలు రెండు అంగుళాలు మట్టిలోకి దించి చూడండి, స్నేక్ ప్లాంట్‌కీ జెడ్‌జెడ్‌కీ అయితే కుండీ ఎత్తి చూసి తేలిగ్గా అనిపిస్తేనే పొయ్యండి. రెండో కరపత్రంలో ఇవన్నీ సరిచేశాం, పాతవి ఉంటే చించెయ్యండి. పిల్లులు, కుక్కలు, పాకే పిల్లలు ఉన్న ఇళ్ళకి ఒక చీటీ కూడా పెట్టాం, మనీ ప్లాంట్, జెడ్‌జెడ్, స్నేక్ ప్లాంట్ నమిలితే మంచిది కాదు, మొదటి రెండిట్లో సూదుల్లాంటి స్ఫటికాలుంటాయి, నోరు మండుతుంది. స్పైడర్ ప్లాంట్‌తో ఆ భయం లేదు.

లెక్కలు కోశాధికారి గారు విడిగా కాగితం జత చేశారు, ఆడిట్ అయింది, కాస్త మిగిలింది, ప్రశ్నలుంటే వారినే అడగండి.

హాల్ కిటికీకి అడ్డంగా ఉన్న బోర్డు తీయించమని సంబంధిత ఆఫీసుకి ఉత్తరం మీద ఉత్తరం రాశాం. ఒకరు ఇంకొకరిని అడగమంటారు, ఆ ఇంకొకరు సెలవులో ఉంటారు. తక్కువ వెలుతురు తట్టుకునే మొక్కలేగా మీవి అని ఒకాయన మాకే చెప్పారు. తట్టుకోవడం వేరు, చీకట్లో బతకడం వేరు సార్. వెలుతురు తక్కువైతే మొక్క తాగేదీ తక్కువే, మట్టి ఆరదు, మళ్ళీ వేరుకుళ్ళు. బోర్డు ఇంకా అక్కడే ఉంది.

వాలంటీర్ల గురించి ఎక్కువ రాయకూడదనుకున్నా. శిబిరానికి వస్తామని పేర్లిచ్చినవాళ్ళలో సగానికి సగం రాలేదు, ఫోన్ ఎత్తలేదు, సాయంత్రం ఫోటోలు పంపమని మాత్రం మెసేజ్‌లు పెట్టారు. మర్చిపోయేవాళ్ళ కోసం మొక్కలు వెతికాం, మర్చిపోయేవాళ్ళతో సంఘం నడపడం ఎలాగో ఏ కరపత్రంలోనూ లేదు. వచ్చిన కొద్దిమందీ రాత్రి దాకా ఉండి మట్టి ఊడ్చి బల్లలు మడిచి వెళ్ళారు, వాళ్ళకి చేతులెత్తి నమస్కారం. మట్టి కలిపిపెట్టిన పెద్దాయనకి, కుండీలు ఆటోలో వేసి తెచ్చిన కుర్రాళ్ళకి, కరపత్రాలు అచ్చుతప్పులు లేకుండా చూసిన టీచరమ్మగారికి, సీసాలు కడిగి దాచి ఇచ్చిన ఇళ్ళవాళ్ళందరికీ, ప్రతి మీటింగుకీ వచ్చి మాట్లాడకుండా కూర్చుని వెళ్ళే ఆ ఇద్దరికీ కూడా థాంక్స్, ఎవరి పేరైనా మర్చిపోయుంటే నా పొరపాటు.

వచ్చే ఏడాదికి కమిటీ రెండు అనుకుంది. ఒకటి, కాస్ట్ ఐరన్ ప్లాంట్ అని పిలిచే ఆస్పిడిస్ట్రా పెంచి పంచడం, గ్యాస్ దీపాల కాలంలో ఇంగ్లండ్ ఇళ్ళల్లో చీకటి గదుల్లో కూడా నిలిచిన మొక్క అది, పెరగడం మాత్రం బాగా నిదానం, కాబట్టి అందరికీ ఇదే ఏడాది అందుతుందని ఆశ పెట్టుకోవద్దు. రెండోది, నీళ్ళ డబ్బాలోంచి నూలు వత్తి వేసి మట్టికి తడి అందించే పద్ధతి నేర్పించడం, అది స్పైడర్ ప్లాంట్ లాంటివాటికే, స్నేక్ ప్లాంట్‌కి పెట్టి మళ్ళీ నా దగ్గరికి రావద్దు. ఈ రెండిటికీ మనుషులు కావాలి, పేరివ్వడానికి కాదు, రావడానికి.

బీరువా పక్కన దొరికిన జెడ్‌జెడ్ ఇప్పుడు నా బల్ల మీద ఉంది, దయచేసి ఎవరూ నీళ్ళు పొయ్యకండి. నీళ్ళ పుస్తకం గుమ్మం పక్కన మేకుకి వేలాడదీశాం, దానికి కట్టిన పెన్ను ఎవరో తీసుకెళ్ళారు, సమావేశానికి వచ్చేటప్పుడు తెచ్చి మళ్ళీ కట్టెయ్యండి.

మీ
కార్యదర్శి