క్లాంప్ బిగించాకే కోత

సంపాదకులకు నమస్కారం.

మాడ్యులర్ కిచెన్ షెడ్లలో మన కుర్రాళ్లకు దొరుకుతున్న ఉపాధి గురించి ఈమధ్య మీ పత్రికలో వచ్చిన కథనం చదివాను. మా పని గురించి నాలుగు మంచి మాటలు రాసినందుకు సంతోషం. కానీ దానికి వేసిన ఫొటో చూశాక ఈ ఉత్తరం రాయక తప్పలేదు. అందులో కుర్రాడు ప్యానెల్ సా, అంటే షీట్లు కోసే రంపం మిషన్ మీద సన్నటి ప్లైవుడ్ పట్టీని బొటనవేలితో ఫెన్స్‌కి (ముక్కని ఆనించే తిన్నటి బద్దకి) అదిమిపట్టి కోస్తున్నాడు. వేలికీ బ్లేడ్‌కీ మధ్య జానెడు దూరం లేదు. స్లైడింగ్ టేబుల్ (ముందుకీ వెనక్కీ జరిగే బల్ల) మీద, ముక్కని నొక్కి బిగించే క్లాంప్ ఉండాల్సిన గాడి ఖాళీగా ఉంది.

నేను రాజమహేంద్రవరంలో ప్యానెల్ కటింగ్ షెడ్డు నడుపుతున్నాను. పని అడుగుతూ వచ్చే కుర్రాళ్లలో చాలామందికి మిషన్ ఆన్ చేసి కోయడం వచ్చు. ముక్కని బిగించడం మాత్రం ఎవరూ నేర్పలేదు. కదిలే టేబుల్ ఉన్న ఈ రంపాన్ని 1906లో బెర్లిన్‌లో విల్‌హెల్మ్ ఆల్టెన్‌డార్ఫ్ తయారుచేశాడు. చెక్కని చేత్తో తోయకుండా టేబుల్ మీద పెట్టి టేబుల్‌నే తోయడం ఆ మిషన్‌లోని అసలు కిటుకు. టేబుల్ కదలాలి, దాని మీద చెక్క కదలకూడదు. చేత్తో పట్టుకుంటే చెక్క ఎంతో కొంత వెనకబడుతుంది, లేదా పక్కకి తిరుగుతుంది.

అలా తిరిగితే ఏమవుతుందో చెప్తాను. 300 ఎంఎం బ్లేడ్ నిమిషానికి 4,000 చుట్లు తిరిగితే పళ్ల వేగం గంటకి 225 కిలోమీటర్లు దాటుతుంది. బ్లేడ్‌కి మన వైపున్న పళ్లు చెక్కని టేబుల్‌కేసి నొక్కుతాయి. అవతలి వైపు పళ్లు కింద నుంచి పైకి లేస్తుంటాయి. ముక్క ఆ పళ్లకి తగిలిందా, పైకెత్తి మనిషి మీదకి విసిరేస్తాయి. కిక్‌బ్యాక్ అంటే ఇదే. ముక్క ఎగిరిపోగానే దాన్ని అదిమి ఉంచిన చెయ్యి పట్టు తప్పి బ్లేడ్ మీదకి పోతుంది. వెనక్కి లాక్కోవడానికి టైమ్ ఉండదు.

అన్నిటికంటే ప్రమాదం చిన్న ముక్కలతోనే. కిచెన్ పనిలో అవే ఎక్కువ: ఫిల్లర్ పట్టీలు, డ్రాయర్ ముక్కలు. వాటికి మా షెడ్డులో రెండు చెక్క దిమ్మలు వాడతాం. జర్మనీ వర్క్‌షాపుల్లో ఈ జోడీని ఫ్రిట్జ్, ఫ్రాంజ్ అని మనుషుల పేర్లతో పిలుస్తారు. ఒక దిమ్మ క్రాస్‌కట్ ఫెన్స్‌కి, అంటే టేబుల్‌కి అడ్డంగా ఉండే ఫెన్స్‌కి ఆని ఉంటుంది. రెండోదాని అడుగున టేబుల్ గాడిలో సరిగ్గా కూర్చునే పట్టీ ఉంటుంది కాబట్టి అది తిన్నగా జరుగుతుందే తప్ప పక్కకి పోదు. ఫెన్స్‌ని టేబుల్ అవతలి కొసకి పెట్టి, ముక్కని రెండు దిమ్మల మధ్య ఇరికించి, బ్లేడ్‌కి దూరంగా ఉన్న పిడి పట్టుకుని తోస్తాం. మనం తోసే బలమే ముక్కని బిగించి ఉంచుతుంది. దిమ్మల ముఖాలకి గరుకు సాండ్‌పేపర్ అంటించాం, వేలెడు ముక్క కూడా జారదు. తుక్కు ప్లైవుడ్‌తో ఒక్క పూటలో చేసుకోవచ్చు.

టేకు పలకలది వేరే లెక్క. మొదటి అంచు తీసేటప్పుడు ఆనించడానికి తిన్నటి అంచే ఉండదు. అందుకే ఒక కొసని టేబుల్ గాడిలో బిగించిన షూ (కొసని పట్టి ఉంచే లోహపు ముక్క) కింద దూర్చి, రెండో కొసని క్లాంప్‌తో నొక్కాలి. పలక మెలి తిరిగి ఉంటే ముందు అడుగున పల్చటి చెక్కలు పెట్టి ఊగకుండా చెయ్యాలి. ఊగేదాన్ని బలవంతంగా అదిమి కోస్తే సగం కోతలో అది బ్లేడ్‌ని పట్టేస్తుంది.

ఇంకో మాట. అడ్డకోతకి కొలత కోసం కుడివైపు రిప్ ఫెన్స్‌కి, అంటే బ్లేడ్‌కి సమాంతరంగా ఉండే ఫెన్స్‌కి ముక్కని ఆనించి కోసేవాళ్లని చాలామందిని చూస్తున్నాను. తెగిన ముక్క బ్లేడ్‌కీ ఫెన్స్‌కీ మధ్య ఇరుక్కుని ఎగురుతుంది. ఫెన్స్‌ని బ్లేడ్ దాకా రాకుండా ఇవతలికి లాగితే, ముక్క తెగేసరికి దాని పక్కన ఖాళీ ఉంటుంది. చేతికి గ్లవ్స్, వేలాడే రక్షదారం కూడా వద్దు. బ్లేడ్‌కి దారం చిక్కితే చెయ్యి దాని వెంటే పోతుంది.

ఇవేవీ మా కుర్రాళ్లకి అర్థంకాని విషయాలు కావు. షీటుకింత అని కూలి కట్టే చోట క్లాంప్ బిగించే ఆ కాస్త టైమ్ కూడా నష్టంలాగే కనిపిస్తుంది. ఆ లెక్క వేసేది ఓనర్లు, వేళ్లు పోయేది కుర్రాళ్లవి. నేనూ ఓనర్నే కాబట్టి ఈ మాట గట్టిగా అంటున్నాను. తిరిగే భాగాలకి రక్షణ ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 21వ సెక్షన్‌లోనే రాశారు. కానీ ఆ చట్టంలో కరెంటుతో పనిచేసే చోట పదిమంది ఉంటేనే అది ఫ్యాక్టరీ కింద లెక్కకి వచ్చేది. నలుగురైదుగురు పనిచేసే మాలాంటి షెడ్లకి తనిఖీ అన్నదే తెలీదు.

అందుకని మిషన్లు అమ్మే డీలర్లకి నా విన్నపం. బిగించడానికి వచ్చే మీ మెకానిక్ కోత తిన్నగా వస్తోందో లేదో చూసి వెళ్లిపోతున్నాడు. డబ్బాలో ఉన్న క్లాంప్‌నీ షూనీ టేబుల్‌కి తగిలించి, మిషన్ నడిపే కుర్రాడి చేత ఒక చిన్న ముక్కా ఒక వంకర పలకా కోయించి చూశాకే కదలాలి. ఐటీఐ కార్పెంటరీ మాస్టార్లు ఎవరైనా పిల్లల్ని తీసుకొస్తానంటే మా షెడ్డులో ఈ దిమ్మలు దగ్గరుండి చేయిస్తాను. కొలతలూ చెక్కా నేనే ఇస్తాను. ఆదివారాలు మిషన్ ఖాళీగానే ఉంటుంది.

ఇట్లు,
ఒక కార్పెంటర్, రాజమహేంద్రవరం