అనిమోన్ తెచ్చే ముందు ఒక్కసారి ఇది చదువు

చిన్నా,

ఉభయకుశలోపరి. నువ్వు పంపిన ఫోటోలు చూశాను. ఉప్పునీళ్ల ట్యాంకులో రాళ్లు పేర్చిన తీరు చాలా బాగుంది, క్లౌన్ ఫిష్ జంట మరీ ముద్దుగా ఉంది. వచ్చే వారం క్లౌన్ ఫిష్ కాపురముండే ఆ పువ్వులాంటి సముద్రజీవిని, అనిమోన్‌ని కూడా తెచ్చేస్తానంటున్నావని అమ్మ చెప్పింది. ఫోనులో అయితే నన్ను సగంలోనే ఆపేస్తావు, అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. ఇప్పుడే తేవద్దురా. ట్యాంకు పెట్టి రెండు నెలలే కదా అయింది. కనీసం ఆరు నెలలు ఆగు, ఏడాది ఆగగలిగితే ఇంకా మంచిది.

టెస్ట్ కిట్‌లో అమ్మోనియా సున్నా, నైట్రైట్ సున్నా వస్తున్నాయని రాశావు. రాళ్లలో, ఇసుకలో చేరిన బ్యాక్టీరియా అమ్మోనియాని నైట్రైట్‌గా, దాన్ని మళ్లీ నైట్రేట్‌గా మార్చడం మొదలుపెట్టిందని దానర్థం. చేపలకి అంతవరకు చాలు. కానీ కొత్త ట్యాంకు నీళ్లు ఇంకా నిలకడకి రావు. ఒక నెల గోధుమరంగు నాచు పడుతుంది, మరో నెల పచ్చనాచు కమ్ముకుంటుంది, క్షారత (నీళ్లు ఆమ్లాన్ని తట్టుకునే శక్తి) ఓ వారం ఒకలా ఉంటే మరో వారం ఇంకోలా ఉంటుంది. చేపలు తట్టుకుంటాయి. అనిమోన్‌కి పొలుసులు లేవు, మూత్రపిండాలు లేవు, నీళ్లతో ఉబ్బి నిలబడ్డ మెత్తటి సంచి అది. బయటి నీళ్లలో ఏ మార్పు వచ్చినా నేరుగా దాని ఒంటికే తగులుతుంది.

ఇది నేను పుస్తకాలు చూసి చెబుతున్న మాట కాదు. ఇక్కడికి వచ్చిన మొదటి ఏడాది ట్యాంకు పెట్టిన ఆరో వారానికే అనిమోన్ తెచ్చుకున్నాను. నీకు ఎప్పుడూ చెప్పలేదు. నాలుగు రోజులు రాయి మీద బాగానే కూర్చుంది. అయిదో రాత్రి కదిలింది. అవి కదులుతాయిరా, పాదంతో పాకుతూ తమకు నచ్చిన చోటు వెతుక్కుంటాయి. నేను దీపం ఆర్పి పడుకున్నాను, అది పాకుతూ పవర్‌హెడ్ దగ్గరికి, అంటే నీళ్లని తిప్పే పంపు దగ్గరికి చేరింది. తెల్లారి లేచి చూస్తే నీళ్లు పాలలా ఉన్నాయి. పంపు దాన్ని లోపలికి లాగి ముక్కలు చేసి ట్యాంకంతా చిమ్మింది. సాయంత్రానికి చేపలు కూడా పోయాయి. చాలా రోజులు ఆ ఖాళీ గాజుపెట్టె వైపు చూడలేకపోయాను.

అందుకే ముందు పంపుల సంగతి చూడు. నీళ్లు లాక్కునే ప్రతి మూతి మీదా ముతక స్పాంజి గానీ వల గానీ బిగించు. నీళ్లు పొంగి బయటికి పోయేచోట ఉండే ఓవర్‌ఫ్లో దువ్వెన సందుల్ని కూడా మర్చిపోకు. స్పాంజిని వారానికోసారి తీసి కడగాలి, లేకపోతే మడ్డి పట్టి ప్రవాహం తగ్గిపోతుంది.

తర్వాత ఉప్పు. ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్‌లో 1.025 నుంచి 1.026, అంటే 35 పీపీటీ (వెయ్యి పాళ్లకి 35 పాళ్ల ఉప్పు) దగ్గర ఉంచు. వేడి 25, 26 డిగ్రీలు. ఆ అంకె తెచ్చుకోవడం కష్టం కాదు, దాన్ని రోజూ అక్కడే నిలబెట్టడం కష్టం. ట్యాంకులో నీళ్లు ఆవిరైనప్పుడు నీరే పోతుంది, ఉప్పు లోపలే ఉండిపోతుంది. కాబట్టి తగ్గినంత మేర ఉప్పునీళ్లు పోయకూడదు, ఆర్‌ఓ డీఐ ఫిల్టర్‌లో శుద్ధి చేసిన మంచినీళ్లు పోయాలి. వారానికోసారి ఒక్కసారిగా నింపితే ఉప్పు ఎక్కి దిగుతూ ఉంటుంది. రోజూ కొంచెం కొంచెం పోస్తుండు, లేదా తగ్గిన నీళ్లని తనంతట తనే నింపే ఆటో టాప్‌ఆఫ్ పెట్టుకో. ఆ ట్యాంకుకి నువ్వు కొనగలిగిన అన్నిటిలోకీ పనికొచ్చేది అదేనని నా నమ్మకం. కుళాయి నీళ్లు మాత్రం వద్దు, వాటిలో రాగి ఉండొచ్చు. చేపలకి తెల్లమచ్చలు వస్తే వేసే మందుల్లో చాలావాటిలో రాగి ఉంటుంది, అలాంటివేవీ ఈ ట్యాంకులో చుక్క కూడా వేయకు. చేపలకి మందు వేయాలంటే వేరే తొట్టిలోకి తీసి వెయ్యి. రాగి కొద్దిపాటిది కూడా అనిమోన్‌ని చంపుతుంది.

నైట్రేట్ గురించి అడిగావు. పది పీపీఎం లోపు ఉంటే చాలు, పూర్తిగా సున్నా చేయాలని పట్టుబట్టకు. దాని ఒంట్లో ఉండే నాచుకీ కాస్త తిండి కావాలి.

నాచు అన్నానుగా, అది చెప్పాలి. అనిమోన్ జంతువే. జెల్లీఫిష్‌కీ పగడాలకీ చుట్టం. కానీ దాని కణజాలంలో కంటికి కనపడని నాచు కాపురం ఉంటుంది, జూజాంథెల్లే అంటారు. వెలుతురుతో అది వండుకున్న దాంట్లోంచే అనిమోన్‌కీ పెద్ద వాటా పెడుతుంది. అంటే దాని తిండిలో ఎక్కువ భాగం నీ దీపంలోంచే వస్తుందన్నమాట. చేపలు చూడటానికి పెట్టిన మామూలు దీపం చాలదు, పగడాల కోసం చేసిన ఎల్‌ఈడీ ఉండాలి. ఒత్తిడి ఎక్కువైతే ఆ నాచుని బయటికి వదిలేసి తెల్లగా పాలిపోతుంది. అమ్మేచోట అలా తెల్లగా మెరిసేదాన్ని చూసి అందమని తెచ్చుకునేవాళ్లు చాలామంది, అది ఆకలితో ఉన్న జీవి. నిమ్మపండు పసుపులో, ముదురు నీలంలో కనిపించేవాటికి రంగు వేసి ఉండొచ్చు, వాటి జోలికీ పోకు. గోధుమరంగు ఛాయ ఉన్నది చూసి తీసుకో.

బబుల్ టిప్ రకం తెచ్చుకో, శాస్త్రీయనామం ఎంటాక్‌మేయా క్వాడ్రికలర్. కార్పెట్ అనిమోన్లు, మాగ్నిఫికా అనే ఇంకో రకం ఎంత అందంగా ఉన్నా ఇప్పుడు నీకొద్దు. తీసుకునేటప్పుడు నోరు గట్టిగా మూసుకుని ఉందా, పాదం చిరగకుండా ఉందా చూడు. గాజుకి అతుక్కుని ఉన్నదాన్ని నీ ముందే బలంగా పీకి ఇస్తుంటే వద్దని చెప్పు. పాదం చిరిగితే అక్కడే కుళ్లు మొదలవుతుంది.

ఇంటికి తెచ్చాక గంటసేపు చుక్కచుక్కగా మన నీళ్లు కలిపి అలవాటు చెయ్యి. దీపం వెలుగు తగ్గించి పెట్టి, వారాల మీద మెల్లగా పెంచు. పంపులు కాసేపు ఆపి, రాయి పగులు దగ్గర దాన్ని వదిలెయ్యి. పాదం పగుల్లో దాచుకుని, వేళ్లలాంటి టెంటకిల్స్ వెలుగులోకి చాచడం వాటికి ఇష్టం. నువ్వు అనుకున్న చోట కూర్చోకపోతే మళ్లీ జరపకు. కూర్చున్నాక దాని దరిదాపుల్లో పగడాలు పెట్టకు, తాకితే కుట్టి చంపేస్తుంది.

ఇక ఎదురుచూడటమే. అప్పుడప్పుడు ముడుచుకుపోయి, వడలిన పండులా అవుతుంది. కంగారు పడకు. దానికి నోరూ మలద్వారమూ ఒకటే, లోపలి పాత నీళ్లు, చెత్త బయటికి వదిలి మళ్లీ ఉబ్బుతుంది. నేను మొదట్లో అలా ముడుచుకున్నప్పుడల్లా చెయ్యి పెట్టి కదిపేదాన్ని, అది పెద్ద తప్పు. నోరు తెరుచుకుపోయి లోపలి భాగం బయటికి వచ్చి, రోజులు గడిచినా మూసుకోకపోతే అప్పుడు భయపడాలి. ముట్టుకుంటే విడిపోతూ కుళ్లు వాసన వస్తుంటే ఆలోచించకుండా బయటికి తీసెయ్యి, లేకపోతే ట్యాంకంతా పోతుంది.

తిండి వారానికోసారి చాలు. పచ్చి రొయ్య ముక్క, దాని నోటికంటే చిన్నది. పెద్ద ముక్క పెడితే మింగినట్టే మింగి, మర్నాడు కక్కేస్తుంది.

నీ చేపల కోసమే తెస్తున్నానంటావు. ట్యాంకులో పుట్టి పెరిగిన క్లౌన్ ఫిష్‌కి అనిమోన్ లేకపోయినా ఏ లోటూ ఉండదు. కొన్ని చేపలు నెలల తరబడి దానివైపు చూడవు. కొన్నేమో చిన్న అనిమోన్‌ని వదలకుండా రుద్ది రుద్ది విప్పుకోనివ్వవు. చేపకంటే రెండు మూడింతలు పెద్దది అయ్యేదాకా నాకు ధైర్యం ఉండదు.

ఇంత జాగ్రత్త దేనికంటావేమో. స్కాట్లండ్‌లో సర్ జాన్ డాలియెల్ అనే ఆయన 1828లో సముద్రతీరం నుంచి ఒక అనిమోన్ తెచ్చి గాజు జాడీలో పెంచాడు. ఆయన పోయాక కూడా ఒకరి తర్వాత ఒకరు దాన్ని చూసుకున్నారు. అందరూ దాన్ని ‘గ్రానీ’ అని పిలిచేవారు. 1887 దాకా బతికింది. దీపాలూ పంపులూ లేని కాలంలో, నీళ్లు మారుస్తూ అంతకాలం నిలబెట్టారు. అది చల్లటి నీళ్ల రకమే అనుకో, నీ బబుల్ టిప్‌కి ఆ జాడీ సరిపోదు. అయినా నా మొదటి అనిమోన్ అయిదు రోజులు బతికిందని తలచుకున్నప్పుడల్లా నాకు ఆ లెక్కే గుర్తొస్తుంది.

ఇప్పుడు నా దగ్గరున్నది నాలుగేళ్లది. పోయిన చలికాలంలో మధ్యకి చీలి రెండయింది. పొద్దున చూసి ఎంత సంతోషపడ్డానో అమ్మకి ఫోన్ చేసి చెప్పాను, ఆవిడకి సగమే అర్థమై ఉంటుంది. ఆ రెండూ పక్కపక్క రాళ్ల మీదే కూర్చున్నాయి, క్లౌన్ ఫిష్ ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి రోజంతా తిరుగుతూ ఉంటుంది.

ఈ ఆదివారం నుంచి ప్రతి వారం ఉప్పు, క్షారత, నైట్రేట్ కొలిచి ఒక నోటుబుక్కులో రాసిపెట్టు. మూడు నెలల అంకెలు పోగయ్యాక ఫోటో తీసి నాకు పంపు, ఇద్దరం కలిసి చూద్దాం. పంపులకి స్పాంజి కట్టిన ఫోటో మాత్రం ముందే పంపాలి.

అమ్మకీ నాన్నకీ నా నమస్కారాలు చెప్పు.

ప్రేమతో,
అక్క