వార్షిక నివేదిక: విదేశీ కత్తుల కొనుగోళ్లలో నాణ్యత లోపాలు, ఫిర్యాదులు, వాపసులు

కత్తులు సేకరించే మన సంఘం గౌరవ సభ్యులందరికీ కార్యవర్గం నమస్కారాలు.

ఈ ఏడాది కార్యవర్గం ఎక్కువ సమయం పెట్టింది ఒకే పని మీద. విదేశాల నుంచి తెప్పించుకున్న సేకరణ కత్తిలో లోపం బయటపడితే సభ్యుడి సొమ్ము పోకుండా చూడటం ఎలా అన్నదే ఆ పని. సమావేశాలు, ప్రదర్శన, సాన పట్టే తరగతులు ఎప్పటిలాగే జరిగాయి. జమాఖర్చుల పట్టిక విడిగా పంపాం. ఈ నివేదికను మాత్రం పూర్తిగా ఆ పనికే కేటాయిస్తున్నాం.

ఫిర్యాదుల పుస్తకం తిరగేస్తే ఒక సంగతి తేటగా కనిపిస్తుంది. సభ్యులు ఓడిపోయింది లోపం చిన్నదని కాదు, దాన్ని కొలిచి చెప్పక, గడువులు చూసుకోక. ‘లాక్ వదులుగా ఉంది, ఫినిషింగ్ బాగోలేదు’ అని రాస్తే ‘చేతిపనిలో చిన్నచిన్న తేడాలు సహజం’ అన్న అచ్చు జవాబు వచ్చి పడుతుంది. లోపం ఎక్కడుంది, ఎన్ని మిల్లీమీటర్లు, ఏ ఫొటోలో కనిపిస్తుంది అని రాసిన ఉత్తరానికి ఆ జవాబు సరిపోదు. ఈ ఏడాది తయారుచేసిన తనిఖీ పత్రం, ఉత్తరం నమూనా, సభ్యులు అరువు తీసుకెళ్లే పరికరాల పెట్టె, మూడూ ఈ అవసరంలోంచి పుట్టినవే. పెట్టెలో 10 రెట్ల భూతద్దం, మందం కొలిచే డిజిటల్ కాలిపర్, సన్నటి ఖాళీలు కొలిచే రేకు ఆకుల కట్ట అయిన ఫీలర్ గేజ్, 0.1 గ్రాము తేడా చూపే తూకం, చిన్న అయస్కాంతం, టార్చి ఉన్నాయి.

పార్శిల్ తెరిచే గంట

విమానంలో చల్లబడి వచ్చిన పార్శిల్‌ను వెంటనే తెరిస్తే గదిలోని తేమ ఉక్కు మీద చెమ్మగా పడుతుంది. 1095, షిరోగామి వంటి కార్బన్ ఉక్కుల మీద ఆ చెమ్మే తుప్పు మచ్చ అవుతుంది. ఆ మచ్చ దారిలో వచ్చిందా, మీ దగ్గర వచ్చిందా అన్న వాదన మొదలైతే మీ చేతిలో రుజువుండదు. అందుకే పెట్టె గది వేడికి వచ్చేదాకా సీలు విప్పకండి. ఆ తర్వాత చిరునామా చీటీ కనబడేలా మొదలుపెట్టి, మధ్యలో ఆపకుండా వీడియో తీయండి. వివాదం ముగిసేదాకా అట్టపెట్టె, లోపలి కాగితాలు, సీలు ముక్కలు ఏవీ పారేయకండి. దారిలో దెబ్బ తిన్న వస్తువుకు ప్యాకింగ్ చూపించకపోతే బీమా సొమ్ము రాదు.

మడత కత్తిలో ముందు చూడాల్సింది లాక్. పిడి లోపలి లోహపు పలకను లైనర్ అంటారు. దానిలోంచి వంగి వచ్చే పట్టీ బ్లేడును ఆపితే లైనర్ లాక్, పిడిలోంచే వస్తే ఫ్రేమ్ లాక్. ఈ రెండింటిలోనూ కత్తి తెరిచినప్పుడు లాక్ పట్టీ బ్లేడు మడమ (పిడిలో ఉండే వెనక కొస) వెడల్పులో సుమారు 25 నుంచి 50 శాతం వరకు ఎక్కి ఆగాలి. అంచుకే తగిలి ఆగితే జారే ప్రమాదం ఉంది. కొత్త కత్తిలోనే అవతలి వైపు దాకా వెళ్లిపోతే అరిగేందుకు ఇక చోటు లేదన్నమాట. పిడి గట్టిగా పట్టుకుని బ్లేడును పైకీ కిందికీ కదిపి చూడండి, తర్వాత పక్కలకు. ఈ రెండు కదలికలకూ ఉన్న తేడా ఫిర్యాదులో చాలా ముఖ్యం. పక్క కదలిక చాలావరకు పివట్ స్క్రూ (బ్లేడు తిరిగే ఇరుసు స్క్రూ) వదులు వల్ల వస్తుంది, ఎనిమిదో వంతు తిప్పితే పోతుంది. పైకీ కిందికీ కదిలితే మాత్రం లాక్ ముఖమో, తెరిచిన బ్లేడును ఆపే పిన్నో తప్పుగా కూర్చున్నట్టు. అది ఇంట్లో సరిచేసేది కాదు, వాపసుకు సరైన కారణం. లాక్ బలం చూడాలని కత్తి వెన్నును బల్లకేసి కొట్టే అలవాటు కొందరిలో ఉంది, అది మానండి. ఆ దెబ్బకు మంచి లాక్ కూడా పాడవుతుంది, ఆ గుర్తు చూపి అమ్మకందారు చేతులు దులుపుకుంటాడు. వేళ్లు దారిలో లేకుండా చూసుకుని వెన్నును చేత్తో ఒత్తితే చాలు.

పక్క కదలిక చిన్నదే అయినా, అమ్మకందారును రాతపూర్వకంగా అడగకుండా స్క్రూ ముట్టుకోకండి. టీ6, టీ8 కొలతల నక్షత్రపు గాడి స్క్రూ తలల మీద పడ్డ చిన్న గీత చూసి ‘విప్పారు కాబట్టి వారంటీ లేదు’ అనేవాళ్లు ఉన్నారు. బిగించమని వాళ్లే రాసిస్తే ఆ రాత దాచుకోండి.

తర్వాత కత్తి మూసి, టార్చి వెలుగు వెనక పెట్టి, లైనర్ల మధ్య బ్లేడు ఎటు ఒరిగిందో చూడండి. రెండు వైపుల ఖాళీనీ ఫీలర్ గేజ్‌తో కొలవండి. కాస్త ఒరగడం లోపం కిందకు రాదు, లైనర్‌ను రాసుకుంటే లోపమే. బ్లేడు మీద ఆ రాపిడి గీతను భూతద్దంలోంచి ఫొటో తీస్తే వాదనకు తావుండదు.

అయస్కాంతం రెండు పనులకు పనికొస్తుంది. గట్టిపడే కత్తి ఉక్కులు దాదాపు అన్నీ దానికి అంటుకుంటాయి. ఉక్కు బ్లేడు అని అమ్మింది అంటుకోకపోతే అది కాల్చి నీళ్లలో ముంచినా గట్టిపడని స్టెయిన్‌లెస్ రకం, కత్తికి పనికిరాదు. రెండోది, నికెల్ సిల్వర్ (రాగి, నికెల్, జింకు మిశ్రమం) అని చెప్పిన బోల్‌స్టర్, అంటే పిడి కొసన ఉండే లోహపు తొడుగు, అంటుకుంటే అది పూత పూసిన ఇనుమే.

డమాస్కస్, ఉక్కు పేర్లు

అన్నిటికన్నా ఎక్కువ గొడవ అలల గీతలు కనిపించే ‘డమాస్కస్’ ఉక్కు దగ్గరే వస్తోంది. ఇవాళ ఆ పేరుతో అమ్మేది దాదాపు ఎప్పుడూ రెండు ఉక్కులను పొరలుగా కలిపి కొట్టినదే. 1084, 15ఎన్20 అనే ఉక్కు రకాల జోడీ ఎక్కువ. 15ఎన్20లో నికెల్ సుమారు 2 శాతం ఉంటుంది కాబట్టి లోహాన్ని కొరికే ఫెర్రిక్ క్లోరైడ్ ద్రావణంలో ముంచితే అది మెరుస్తూ మిగులుతుంది, రెండోది నల్లబడుతుంది. నకిలీలో ఒకే ఉక్కు మీద లేజర్‌తోనో ఆమ్లంతోనో గీసిన బొమ్మ ఉంటుంది. కనిపెట్టాలంటే బ్లేడు ముఖం కాదు, వెన్ను చూడండి. నిజమైన పొరలు వెన్ను మీదుగా గీతలుగా దిగి అవతలి ముఖానికి చేరతాయి. గీసిన బొమ్మ అంచు దగ్గర తెగిపోతుంది, లేదా రెండు ముఖాల మీదా ఒకే బొమ్మ అద్దంలో చూసినట్టు ఉంటుంది. తేలకపోతే అమ్మకందారు ఒప్పుకున్నాక పిడి దగ్గర చిన్న చోటు నునుపు చేసి మళ్లీ ఫెర్రిక్ క్లోరైడ్ పెట్టాలి. నిజమైతే గీతలు తిరిగొస్తాయి. ఒకటి గుర్తుంచుకోండి. వీజీ-10 అనే ఉక్కు మధ్యలో ఉండి, దానికి రెండు వైపులా పొరలు తొడిగిన జపాన్ కత్తుల్లో పదునంచు వెంట గీతల్లేని పట్టీ కనిపిస్తుంది. అది నిర్మాణం, మోసం కాదు. అలాంటి ఫిర్యాదును ఈ ఏడాది నుంచి కార్యవర్గం ముందుకు పంపడం లేదు.

పొరలు సరిగా అతకని చోట వెంట్రుక లాంటి నల్ల గీత ఉంటుంది. తుడిస్తే పోదు. పల్చటి నూనె రాసి, పది నిమిషాలాగి, శుభ్రంగా తుడిచి, పైన సుద్దపొడి చల్లండి. పగులుంటే లోపలి నూనె సుద్ద మీదికి ఊరి గీత తేలుతుంది. ఈ ఫొటో ఒక్కటి పది పేజీల ఉత్తరానికి సమానం.

చెప్పిన ఉక్కు ఒకటి, పెట్టింది ఒకటి అన్న అనుమానం వచ్చినప్పుడు ఆకురాయితో గీకి చూడకండి, ఆ గీతతో వాపసు హక్కు పోతుంది. లోహంలోని మూలకాలను ఎక్స్‌రేతో గుర్తించే ఎక్స్‌రే ఫ్లోరసెన్స్ తుపాకీ ఉన్న లోహ పరీక్ష కేంద్రంలో గీత పడకుండా తేల్చుకోవచ్చు. అయితే ఆ యంత్రం కార్బన్‌ను కొలవలేదు, కాబట్టి మిగతా మూలకాలను బట్టే నిర్ణయించాలి. డీ2 ఉక్కు అని అమ్మి చవక రకం 8సీఆర్13ఎంఓవీ ఉక్కు పెట్టారనుకోండి. రెండింటిలోనూ క్రోమియం సుమారు 11 నుంచి 14.5 శాతం మధ్యే, దాన్ని చూస్తే తేలదు. డీ2లో మాలిబ్డినం ఒక శాతం చుట్టుపక్కల ఉంటుంది, రెండోదాంట్లో 0.3 శాతం దాటదు. వీజీ-10కి కోబాల్ట్ సుమారు 1.5 శాతం ఆనవాలు. ఎస్30వీ ఉక్కుకు వనాడియం 4 శాతం. కేంద్రం ఇచ్చిన కాగితాన్ని ఫిర్యాదుకు జతచేయండి.

కొత్త కత్తి పదునంచు మొదటి వాడకంలోనే మడతపడితే ఉక్కు మొత్తాన్ని తప్పుపట్టకండి. ఫ్యాక్టరీ బెల్టు వేడికి అంచు మాత్రమే మెత్తబడి ఉండొచ్చు. మూడు నాలుగు సార్లు సాన పట్టాక కింద మంచి ఉక్కు బయటికొస్తుంది. కానీ సాన పడితే వాపసు కుదరదు. సేకరణ కోసం కొన్నదైతే ముందు అమ్మకందారు సమాధానం తెచ్చుకోవడమే మేలు.

లోపం కానివి కూడా తెలియాలి. నేపాల్ ఖుకురీని కాల్చి అంచు మీదే నీళ్లు పోసి గట్టిపరుస్తారు, అందుకే వెన్ను మెత్తగా ఉంటుంది. సంప్రదాయ పద్ధతిలో దాని పిడిని లక్క లాంటి జిగురుతో అతికిస్తారు, ఎండకు వదులవుతుంది. ఫ్రాన్స్ మడత కత్తి ఓపినెల్ కర్ర పిడి తేమకు ఉబ్బితే బ్లేడు బిగుసుకుంటుంది, ఆరితే సర్దుకుంటుంది. ఊరి పేరు చూసి మోసపోవడం వేరే సంగతి. జర్మనీలోని జోలింగెన్ ఊరి పేరుకు 1938 నుంచి చట్ట రక్షణ ఉంది, తయారీలో ముఖ్యమైన దశలన్నీ అక్కడ జరిగితేనే ఆ పేరు వేయాలి. ఫ్రాన్స్‌లోని ఊరి పేరైన లగియోల్ మాత్రం కత్తి ఆకారం పేరుగా స్థిరపడింది, అలాంటివి ఎక్కడెక్కడో తయారవుతున్నాయి. స్ప్రింగు మీద తేనెటీగ ఉన్నంత మాత్రాన అది ఫ్రాన్స్‌లో చేసినదని కాదు. తయారీదారు ఎవరో, ఏ ఊళ్లో చేశారో కొనేముందే రాయించుకోండి.

కస్టమ్స్ కాగితాలు

అంతర్జాతీయ సరుకు సంకేతాల్లో కత్తులు 8211 కింద వస్తాయి. స్థిర బ్లేడుకు 8211.92, మడత కత్తికి 8211.93. కటారులు, బాయ్‌నెట్లు, ఖడ్గాలు 9307. వందేళ్లు దాటిన పురాతన వస్తువు అయితే 9706. మామూలు మడత కత్తిని 9307 కింద రాసి పంపితే ఆయుధం కింద పట్టుకుంటారు, విడిపించుకోవడానికి వారాలు పడుతుంది. ఆర్డరు వేళే ఏ సంకేతం రాస్తారో అడగండి.

సుంకం తగ్గుతుందని అమ్మకందారు ‘కానుక’ అని రాస్తానంటే ఒప్పుకోకండి. పార్శిల్ పోతే బీమా ఇచ్చేది రాసిన విలువ మేరకే. పైగా తప్పుడు ప్రకటన బాధ్యత దిగుమతిదారు మీదే పడుతుంది.

పిడి ఏ పదార్థమో చూడకుండా కొనొద్దు. ఏనుగు దంతం (చాలావరకు), సముద్ర తాబేలు చిప్ప, బ్రెజిల్ రోజ్‌వుడ్ సైటీస్ (అంతరించే ప్రమాదమున్న జీవుల వ్యాపారంపై అంతర్జాతీయ) ఒప్పందం మొదటి అనుబంధంలో, అంటే కఠిన నియంత్రణ జాబితాలో ఉన్నాయి. రోజ్‌వుడ్ చెట్ల దాల్బెర్జియా జాతి కర్రలన్నీ 2017 నుంచి నియంత్రణలోకి వచ్చాయి. అనుమతి కాగితం లేకుండా వచ్చిన కత్తిని జప్తు చేస్తే అమ్మకందారు సొమ్ము తిరిగివ్వడు.

దేశదేశానికీ చట్టం వేరు. అమెరికాలో 1958 స్విచ్‌బ్లేడ్ చట్టం, బ్రిటన్‌లో ఇళ్లకు బ్లేడుల చేరవేతపై 2019 చట్టం తెచ్చిన ఆంక్షలు ఉదాహరణలు. మీ దగ్గరి నియమం చూసుకున్నాకే డబ్బు కట్టండి.

ఉత్తరం, గడువులు

నమూనా ఉత్తరాన్ని ఎంత వీలైతే అంత కురచ చేశాం: ‘కత్తి మూసినప్పుడు బ్లేడు ఎడమ లైనర్‌ను, మొన నుంచి 20 మి.మీ. దూరంలో తాకుతోంది. 1 నుంచి 4 వరకు ఫొటోలు జతచేశాను. పార్శిల్ తెరిచిన వీడియో ఉంది. కత్తిని వాడలేదు, సాన పట్టలేదు, స్క్రూలు విప్పలేదు. పూర్తి సొమ్ము వాపసు కోరుతున్నాను, తిరుగు రవాణా ఖర్చు మీదే. 7 రోజుల్లో జవాబివ్వండి.’ ఒక ఉత్తరంలో ఒక కోరికే ఉండాలి. వాపసో, మార్పిడో, మరమ్మతో మీరే తేల్చి రాయండి. ‘మీరే న్యాయం చెయ్యండి’ అంటే వాళ్లకు చవకైన దారే ఎంచుకుంటారు.

అమ్మకందారు సమాధానాల్లో మూడు ఉచ్చులు తరచూ వస్తున్నాయి. ‘ముందు వివాదం మూసేయండి, వెంటనే డబ్బు పంపుతాం’ అంటారు. పేపాల్‌లోనో బ్యాంకులోనో పెట్టిన వివాదాన్ని ఒకసారి మూస్తే మళ్లీ తెరవడం దాదాపు అసాధ్యం. ‘కొంత సొమ్ము ఇస్తాం’ అంటారు. తీసుకుంటే కేసు అక్కడితో సరి. ‘కొత్తది పంపుతున్నాం, కాస్త ఆగండి’ అంటారు. ఆగుతూ ఉంటే గడువు దాటిపోతుంది. మాటలు ఎంత మర్యాదగా ఉన్నా క్యాలెండరు చూసుకోండి.

పేపాల్‌లో వివాదం తెరవడానికి చెల్లించిన రోజు నుంచి 180 రోజులు. తెరిచాక 20 రోజుల్లో దాన్ని క్లెయిముగా మార్చకపోతే తానే మూసుకుంటుంది. మిత్రులకు, బంధువులకు పంపే పద్ధతిలో కడితే ఈ రక్షణ ఏదీ లేదు. ఆ పద్ధతిలో కట్టమని అడిగే వాళ్ల దగ్గర కొనకండి. వీసా, మాస్టర్‌కార్డ్ వివాదాలకు సాధారణంగా 120 రోజులు, మీ బ్యాంకును అడిగి ఖాయం చేసుకోండి. తపాలాలో పోయిన పార్శిల్ మీద విచారణ, పోస్టు చేసిన మర్నాటి నుంచి 6 నెలల లోపు అడగాలి. సాధారణంగా అడగాల్సింది పంపినవాడే, కాబట్టి అమ్మకందారును తొందరపెట్టండి. విమాన సరుకుగా వచ్చిన వస్తువు దెబ్బతింటే 1999 మాంట్రియల్ ఒప్పందం ప్రకారం అందుకున్న 14 రోజుల్లో రవాణా సంస్థకు రాతపూర్వకంగా తెలియజేయాలి. వీటిలో అన్నిటికన్నా కురచ గడువు ఇదే, సభ్యులు ఎక్కువగా జారవిడుస్తున్నదీ ఇదే.

మరమ్మతుకు వెనక్కి పంపేటప్పుడు, పంపకముందే కస్టమ్స్ దగ్గర తాత్కాలిక ఎగుమతి రుజువు తీసుకోండి. లేకపోతే తిరిగొచ్చినప్పుడు సుంకం రెండోసారి పడుతుంది. బ్లేడుకు రెండు పొరల అట్ట చుట్టండి, మొనకు బిరడా గుచ్చండి, మడత కత్తి తెరుచుకోకుండా ప్లాస్టిక్ బిగింపు వేయండి.

వచ్చే ఏడాది

పాత కత్తుల నిల్వపై తరగతి పెడతాం. సెల్యులాయిడ్ (పాతకాలపు ప్లాస్టిక్) పిడి చెడుతూ వదిలే ఆమ్ల ఆవిరి పక్క కత్తులకూ తుప్పు పట్టిస్తుంది, అలాంటి కత్తిని విడిగా, గాలి ఆడేచోట ఉంచాలి. తోలు ఒరలో నెలలపాటు నిల్వ చేయకూడదు. ఈ రెండూ అందులో చేసి చూపిస్తాం. తనిఖీ పత్రంలో స్లిప్‌జాయింట్ (లాక్ లేకుండా స్ప్రింగు బలంతోనే నిలిచే మడత) కత్తుల పేజీ ఇంకా లేదు. తెరిచినప్పుడు, సగం తెరిచినప్పుడు, మూసినప్పుడు, ఈ మూడు స్థితుల్లోనూ స్ప్రింగు లైనర్లతో సమంగా ఉందో లేదో కొలిచే పద్ధతి రాయగల సభ్యులు ముందుకు రావాలి. అరువు తీసుకున్న ఫీలర్ గేజ్‌లను నూనె తుడిచి, ఆకులు వరస తప్పకుండా తిరిగివ్వండి. 0.05 మి.మీ. ఆకు ఒంగిపోయింది, కొత్తది తెప్పిస్తున్నాం.