ఇంటి చదువు, పెద్ద కళాశాలలు: మా అమ్మాయికి ఉత్తరం

చిక్కడపల్లి, హైదరాబాద్

చిరంజీవి మేధకు అమ్మ ఆశీస్సులు.

హనుమకొండకు బయలుదేరే ముందు నువ్వు అడిగిన ప్రశ్నకు భోజనాల దగ్గర నలుగురిలో ముక్తసరిగా జవాబు చెప్పడం నాకు ఇష్టం లేకపోయింది. అమ్మమ్మగారింట నీకు కాస్త తీరిక దొరుకుతుంది కనుక ఇప్పుడు వివరంగా రాస్తున్నాను. బడి మొహం చూడని పిల్లను అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయం వాళ్లు తీసుకుంటారా, ఇక్కడ ఐఐటీ అవకాశం కూడా చేజారిపోతుందా అన్నదే కదా నీ సందేహం. నిన్ను ఈ బెంగకు గురిచేసింది పెదనాన్నగారి మాటలని నాకు తెలుసు. ఆయనకు కూకట్‌పల్లి కోచింగ్ తప్ప వేరే దారి కనపడదు, అయినా ఆయన లేవనెత్తిన అనుమానాల్లో ఒకటి న్యాయమైనదే. దాని సంగతి తర్వాత చెబుతాను.

ముందుగా అమెరికా విషయం. ఎంఐటీ తన దరఖాస్తుదారుల నుంచి హైస్కూలు డిప్లొమాను తప్పనిసరిగా కోరదు, ఇంట్లో చదివిన వారికి వేరే నిబంధనలేవీ పెట్టలేదు. అక్కడ దరఖాస్తు చేసేవారిలో ఇంట్లో చదివినవారు నూటికి ఒకరికంటే తక్కువే అయినా, వారిలో చేరేవారు చాలా కాలంగా ఉన్నారు. అంతమాత్రాన సులభమనుకోకు. ఎంఐటీలో నూటికి అయిదుగురికంటే తక్కువమందికి, హార్వర్డ్‌లోనూ దాదాపు అంతేమందికి సీటు వస్తోంది, మన వంటి విదేశీ విద్యార్థులకు ఎంఐటీలో ఆ నిష్పత్తి ఇంకా తక్కువ. అంటే పేరున్న బడిలో మొదటి ర్యాంకు తెచ్చుకున్న పిల్లల్లో కూడా అత్యధికులు నిరాశతోనే వెనుదిరుగుతారు. ఇంటి చదువు వల్ల నీ అవకాశం తగ్గిందో పెరిగిందో ఎవరైనా శాతాల్లో చెబితే నమ్మవద్దు.

అసలు చిక్కు సాక్ష్యం దగ్గర వస్తుంది. బడిలో చదివిన పిల్లకు మార్కులు వేసేది ఒకరు, సిఫారసు రాసేది మరొకరు, ఆ బడి ఎటువంటిదో వివరించేది ఇంకొకరు. మన విషయంలో కామన్ యాప్‌లో, అంటే చాలా అమెరికా కళాశాలలకు ఉమ్మడిగా పనికొచ్చే దరఖాస్తులో, బడి కౌన్సెలర్ స్థానంలో కూర్చునేది నేనే, నీ ట్రాన్స్‌క్రిప్ట్, అంటే చదివిన సబ్జెక్టుల, గ్రేడుల పట్టిక, తయారుచేసేది నేనే, మన ‘బడి’ గురించి పరిచయ పత్రం రాసేదీ నేనే. కాకి పిల్ల కాకికి ముద్దు అన్న సంగతి అక్కడ దరఖాస్తులు చదివేవారికి తెలియనిది కాదు. నేను నీకు ఇచ్చే ‘ఎ’ గ్రేడుకు వారి దృష్టిలో దాదాపు విలువ లేదు, అలా అనుకోవడంలో వారి తప్పూ లేదు. పెదనాన్నగారు అడిగిందీ ఇదే: ‘మీరు చెప్పారని వాళ్లెందుకు నమ్మాలి?’

కాబట్టి రాబోయే ఏడాదిన్నరలో మనం కూడబెట్టవలసింది బయటివారి మాట. ఎంఐటీ 2022 మార్చిలో శాట్ లేదా ఏసీటీ అనే ప్రవేశ పరీక్షల స్కోరును మళ్లీ తప్పనిసరి చేసింది, హార్వర్డ్, కాల్‌టెక్ 2024లో అదే దారి పట్టాయి. బడి మార్కులు లేని నీకు ఇది భారమని నువ్వు విసుక్కున్నావు గానీ, నీ పేరూ ఊరూ తెలియని పరీక్ష ఒకటి నీ తరఫున మాట్లాడటం మనకు మేలే. కళాశాల స్థాయి పాఠాల మీద పెట్టే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ పరీక్షలు మే నెలలో జరుగుతాయి, కాల్‌క్యులస్, ఫిజిక్స్ రెండూ రాస్తే నేను ఇంట్లో చెప్పిన పాఠం ఏ స్థాయిదో దానంతట అదే తేలుతుంది.

సిఫారసు ఉత్తరాల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. ఎంఐటీ రెండు ఉత్తరాలు అడుగుతుంది. ఒకటి గణితం లేదా సైన్సు చెప్పినవారిది, రెండోది భాష, చరిత్ర, సామాజిక శాస్త్రం వంటివి చెప్పినవారిది. నారాయణగూడలో ఆదివారం పూట నీకు లెక్కలు చెప్పే మాస్టారు మొదటిది రాయగలరు, ఎందుకంటే నువ్వు తప్పు చేసినప్పుడు ఎలా వాదిస్తావో, ఎప్పుడు ఒప్పుకుంటావో ఆయన స్వయంగా చూశారు. రెండో ఉత్తరానికి మన దగ్గర ఎవరూ లేరు. చరిత్రో సాహిత్యమో చెప్పే ఒకరి దగ్గర కనీసం ఒక ఏడాది క్రమం తప్పకుండా చదువుకుని, వ్యాసాలు రాసి, దిద్దించుకోవాలి. రెండు నెలల పరిచయంతో రాయించుకున్న ఉత్తరం మర్యాదగా ఉంటుందే తప్ప అందులో నువ్వు కనపడవు.

2016లో ముంబైకి చెందిన ఒక అమ్మాయి పది, పన్నెండు తరగతుల మెమోలు రెండూ లేకుండానే ఎంఐటీలో చేరిన సంగతి నువ్వు తరచూ చెబుతుంటావు. ఆ అమ్మాయి అంతర్జాతీయ ఇన్ఫర్మేటిక్స్ ఒలింపియాడ్‌లో మూడు పతకాలు గెలిచింది, రెండు వెండి, ఒకటి కాంస్యం. అంతకంటే గట్టి సాక్ష్యం ఏముంటుంది? కానీ అదే అమ్మాయికి మన ఐఐటీల్లో ప్రవేశం లేకపోయింది, పన్నెండో తరగతి సర్టిఫికెట్ లేదు కనుక. ఆమె కథలో అందరూ మొదటి సగాన్నే చెబుతారు. నేను రెండో సగాన్ని కూడా గుర్తుపెట్టుకున్నాను, అందుకే నిన్ను జాతీయ సార్వత్రిక పాఠశాల బోర్డు ఎన్‌ఐఓఎస్‌లో పదో తరగతి రాయించాను.

మన దేశంలో లెక్కంతా కాగితం మీద ఉంటుంది. ఇక్కడ ఎవరూ నీ వ్యాసం చదవరు, నా ఉత్తరం అడగరు, బడికి వెళ్లావా లేదా అన్నదీ పట్టించుకోరు. ఒక రకంగా ఇదే నీకు సుఖం. జేఈఈ మెయిన్‌కు ఎన్‌ఐఓఎస్ సీనియర్ సెకండరీ, అంటే పన్నెండో తరగతి, చెల్లుతుంది, అయితే కనీసం అయిదు సబ్జెక్టులు ఉండాలి. ఏటా పది లక్షలకు పైగా రాసే ఆ పరీక్ష నుంచి సుమారు రెండున్నర లక్షల మందిని ఐఐటీ సీట్ల కోసం జరిగే జేఈఈ అడ్వాన్స్‌డ్‌కు పంపుతారు. ఐఐటీలన్నింటిలో ఉన్నవి 18,000 సీట్లకు అటూఇటూ. ర్యాంకు వచ్చినా పన్నెండో తరగతిలో 75 శాతమో, బోర్డులో పై ఇరవై పర్సంటైల్లో చోటో ఉండాలి. అడ్వాన్స్‌డ్‌ను వరుసగా రెండేళ్లలో రెండుసార్లే రాయనిస్తారు, పైగా ఆ అర్హతను పన్నెండో తరగతి మొదటిసారి రాసిన ఏడాదిని బట్టి లెక్కిస్తారు. ఎన్‌ఐఓఎస్‌లో ఏడాదికి రెండుసార్లు పరీక్షలు ఉన్నాయి కదా అని కొన్ని పేపర్లు ముందే రాసేస్తానన్న నీ ఆలోచనను అందుకే వద్దంటున్నాను.

నీ మొగ్గు గణితం వైపు ఉంది కాబట్టి చెన్నై మేథమెటికల్ ఇన్‌స్టిట్యూట్, ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ (ఐఎస్ఐ) రెండింటినీ రెండో వరుసలో పెట్టకు. అవి తమ ప్రవేశ పరీక్షను తామే పెట్టుకుంటాయి, ఆ ప్రశ్నలు నీ తీరుకు జేఈఈ కంటే ఎక్కువ నప్పుతాయని నా నమ్మకం. మన ఇంటికి బస్సు దూరంలో గచ్చిబౌలిలో ఉన్న ట్రిపుల్ఐటీ కూడా సొంత పరీక్ష, ఇంటర్వ్యూ ద్వారా కొందరిని తీసుకుంటుంది. వీటిలో దేనికైనా పన్నెండో తరగతి మాత్రం ఉండి తీరాలి.

డబ్బు సంగతి కూడా దాచను. ఎంఐటీలో ఏడాది ఖర్చు 80,000 డాలర్లు దాటింది, అది మన శక్తికి మించినది. ఎంఐటీ, హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఆమ్‌హర్స్ట్, డార్ట్‌మత్ వంటి కొన్ని మాత్రమే విదేశీ విద్యార్థి సాయం అడిగాడా లేదా అన్నది చూడకుండా ఎంపిక చేసి, ఆ తర్వాత అవసరమైనంత సాయం ఇస్తాయి. మిగిలిన చాలా చోట్ల సాయం అడగడమే మన అవకాశాన్ని తగ్గిస్తుంది. అందువల్ల నువ్వు దరఖాస్తు చేసే అమెరికా కళాశాలల జాబితా పొడవుగా ఉండదు. అప్పు చేసి పంపించమని నువ్వు అడగవని తెలుసు, అడిగినా నాన్నగారూ నేనూ ఒప్పుకోము.

నువ్వు రాగానే చేయవలసిన పని ఒకటుంది. ఎనిమిదో తరగతి వయసు నుంచి నువ్వు చదివిన పుస్తకాల పేర్లు, ఏ అధ్యాయాలు పూర్తిచేశావు, ఏవి మధ్యలో వదిలేశావు, హుస్సేన్‌సాగర్ నీటిమట్టం మీద రాసిన ప్రోగ్రామ్‌కు అంకెలు ఎక్కడినుంచి తెచ్చావు, ఇవన్నీ నీ నోటుపుస్తకాలు చూసి ఒక చోట రాయి. వదిలేసినవాటిని కలపకుండా ఉండకు. ట్రాన్స్‌క్రిప్ట్ నేను రాసినా, దానికి ఆధారం నీ నోటుపుస్తకాలే కావాలి.

ఈలోగా ఎన్‌ఐఓఎస్ దరఖాస్తు నింపాలి. గణితం, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం, ఇంగ్లీషు రాసేశాను, అయిదో గడి ఖాళీగా ఉంది. కంప్యూటర్ సైన్సా, చరిత్రా అన్నది నీ ఇష్టం. చరిత్ర అంటే ఆ రెండో ఉత్తరానికి కూడా దారి దొరకవచ్చు, అయితే ప్రాక్టికల్స్ ఉన్న సబ్జెక్టులకు తోడు అంత చదవగలవో లేదో నువ్వే తేల్చుకోవాలి. శుక్రవారం నాన్నగారు ఫీజు కడతానన్నారు, అంతకుముందే ఫోను చేసి చెప్పు. అమ్మమ్మకు నా నమస్కారాలు, మామయ్యను అడిగానని చెప్పు.

ఇట్లు,
అమ్మ